జియోగెస్సర్: ముందుకు కదలనివ్వని ఆ ఒక్క సెట్టింగ్ కోసం

జియోగెస్సర్ కంప్యూటర్ మీద ఆడే ఆట. గూగుల్ కార్లు రోడ్ల వెంట తీసిన స్ట్రీట్ వ్యూ చిత్రాల్లో ఒక చోటును రౌండుకొకటి చొప్పున చూపిస్తుంది, అది ప్రపంచంలో ఎక్కడుందో ఊహించి పటంలో పిన్ గుచ్చాలి, అసలు చోటుకు ఎంత దగ్గరైతే అన్ని ఎక్కువ పాయింట్లు. ఇది చదివేవారిలో చాలామందికి తెలిసే ఉంటుంది కనుక అంతకు మించిన వివరాల జోలికి పోను. 2013లో ఆంటన్ వాలెన్ అనే స్వీడన్ ప్రోగ్రామర్ మొదలుపెట్టిన ఈ ఆటను మేము, అంటే చెన్నై విల్లివాక్కంలో దగ్గర దగ్గర వీధుల్లో ఉండే కొన్ని తెలుగు కుటుంబాలవాళ్లం, కొన్నేళ్లుగా శనివారం రాత్రుళ్లు ల్యాప్‌టాప్‌ను టీవీకి తగిలించి కలిసి ఆడుతున్నాం. ఇన్నాళ్ల తర్వాత దీని గురించి రాయాలనిపించడానికి కారణం ఒక్కటే. ఆట మొదలుపెట్టే ముందు కనబడే సెట్టింగుల్లో, వీధి వెంట ముందుకు సాగే వీలును తీసేసే మీట ఒకటి ఉంటుంది. ఆ మీట నొక్కిన రాత్రులే మాకు గుర్తున్నాయి, నొక్కని రాత్రులు అంతగా గుర్తు లేవు.

కదలనిస్తే ఏమవుతుందో ముందు చెబుతాను. తెర మీద రోడ్డు కనబడగానే మౌస్ చేతిలో ఉన్నవారు బాణం గుర్తు నొక్కుకుంటూ పోతారు. ఊరిపేరు రాసిన పలకో, పెట్రోలు బంకో, దుకాణం బోర్డు మీద ఫోన్ నంబరో దొరికేదాకా ఆగరు. దొరికాక పటంలో ఆ పేరు వెతికి పిన్ గుచ్చుతారు. సోఫాలో కూర్చున్న మిగతావారికి ఆ సేపంతా వెనక్కి జరిగిపోయే రోడ్డును చూడటం తప్ప పనేమీ ఉండదు, వాళ్లు ఏదైనా గమనించి చెప్పేలోపే ఆ దృశ్యం దాటిపోయి ఉంటుంది. కదలిక ఆపేశామా, నిలబడ్డచోటనే చుట్టూ తిరిగి చూడవచ్చు, దూరంగా ఉన్నదాన్ని పెద్దది చేసి చూడవచ్చు, అంతే. ఇక పలక దొరకదని అందరికీ తెలుసు కాబట్టి అందరూ ఉన్నదాన్నే చూడటం మొదలుపెడతారు: మట్టి రంగు, కరెంటు స్తంభం ఆకారం, రోడ్డు గీతలు, ఇళ్ల కప్పులు, పొలంలో పైరు. పక్కవారు చూసి చెప్పినదాన్ని నమ్మాలి, నమ్మకపోతే ఎందుకు నమ్మడం లేదో చెప్పాలి. మా ఇంట్లో మాటలు పెరిగింది అక్కడే.

మాలో ఒక్కొక్కరి కన్ను ఒక్కొక్కచోట ఆగుతుంది. నెల్లూరు జిల్లా నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడిన మిత్రుడు పశువులనూ పైర్లనూ చూస్తాడు. కరెంటు పనుల కాంట్రాక్టులు చేసే గుంటూరు మిత్రుడి చూపు స్తంభాల మీద, తీగల మీద ఉంటుంది. నా భార్య రోడ్డు గీతలనూ ప్రహరీగోడలనూ వదలదు. ఇక రైలు పెట్టెలు తయారుచేసే కర్మాగారం ఐసీఎఫ్‌లో పనిచేసి రిటైరైన మా పక్కింటి పెద్దాయన, మేమందరం బాబాయిగారూ అని పిలిచేవారు, తెర మీద చాలాసేపు ఏమీ మాట్లాడకుండా ఆకాశాన్నే చూస్తారు. ఒకసారి ఎర్రమట్టి బాట పక్కన తెల్లగా, ఎత్తైన మూపురాలతో ఒక మంద కనబడితే నెల్లూరు మిత్రుడు "ఇవి మన ఒంగోలు జాతివే, ఇందులో సందేహం లేదు" అన్నాడు. జాతి విషయంలో అతను చెప్పింది అక్షరాలా నిజం. ఒంగోలు పశువులు 19వ శతాబ్దం నుంచి బ్రెజిల్‌కు వెళ్లాయి, నెలోర్ అనే పేరుతో ఆ దేశంలో మాంసం కోసం పెంచే పశువుల్లో అత్యధిక భాగం ఇప్పుడు వాటి సంతతే. మేం చూస్తున్న మంద కూడా బ్రెజిల్‌దే. బండ్లు కుడిపక్కన నడుస్తున్నాయని నా భార్య చెప్పకపోతే పిన్ ప్రకాశం జిల్లాలో పడేది.

నేను ముఖ్యంగా చెప్పదలచుకున్న రౌండు మాత్రం వేరే ఉంది. తెర మీద సన్నటి తారు రోడ్డు, దానికి ఒకవైపు చెరకు, దూరంగా ఎగుడుదిగుడు గుట్టల మీద కూడా చెరకే. రెండోవైపు పెంకుటిల్లు, దాని ప్రహరీలో మామిడిచెట్టు, అరటి గుబురు, వాటి వెనక రంగులు వేసిన చిన్న గోపురం. ఎదురుగా వస్తున్న కారు మన దేశంలో లాగే తన ఎడమపక్కన వస్తోంది. చెన్నైలోనే పుట్టి పెరిగిన ఇంకో మిత్రుడు వెంటనే "ఇది తిరుత్తణి దారి, తిరువాలంగాడు చక్కెర మిల్లు దాటాక అచ్చం ఇలాగే ఉంటుంది" అన్నాడు. మన దేశంలో స్ట్రీట్ వ్యూ 2022 జులైలో చెన్నై సహా పది నగరాలతో మొదలై ఆ తర్వాత చిన్న ఊళ్లకూ విస్తరించింది కాబట్టి అతని మాట అసంభవమేమీ కాదు. గోపురం, చెరకు, మామిడి, ఎడమపక్క బండ్లు అన్నీ ఒకేచోట ఉన్నాక ఇంకేం కావాలని అందరం అనుకున్నాం. పిన్ పెట్టబోతుండగా బాబాయిగారు "ఆగండర్రా, ఆ స్తంభం నీడ ఎటు పడింది?" అని అడిగారు.

దిక్సూచి చూస్తే నీడ సూటిగా దక్షిణానికి పడి ఉంది, అంటే సూర్యుడు ఉత్తరాన ఉన్నాడు. గుంటూరు మిత్రుడు అయితే ఇది ఇండియా కానే కాదన్నాడు. బాబాయిగారు దానికీ ఒప్పుకోలేదు. చెన్నై 13 డిగ్రీల ఉత్తర అక్షాంశం దగ్గర ఉంది, ఏప్రిల్ చివరి వారం నుంచి ఆగస్టు మూడో వారం దాకా మన ఊళ్లోనూ మిట్టమధ్యాహ్నం సూర్యుడు నడినెత్తికి ఉత్తరంగానే ఉంటాడు, కాబట్టి నీడ దక్షిణానికి పడినంత మాత్రాన ఏదీ తేలదని ఆయన వాదన. "ఎటు పడిందో చూశారు, ఎంత పొడుగుందో చూడండి" అన్నారు. జూన్‌లో సూర్యుడు బాగా ఉత్తరానికి జరిగినప్పుడు కూడా చెన్నైలో ఆరడుగుల మనిషి మధ్యాహ్నపు నీడ అడుగును పెద్దగా మించదు. తెర మీద ఉన్న నీడ మాత్రం ఇంచుమించు స్తంభమంత పొడవుంది, అంటే సూర్యుడు నడినెత్తి నుంచి 45 డిగ్రీలు ఉత్తరంగా వాలి ఉన్నాడు. సూర్యుడు ఉత్తరానికి ఎంత జరిగినా భూమధ్యరేఖ నుంచి 23న్నర డిగ్రీలు దాటడు. కాబట్టి అలాంటి నీడ పడే చోటు భూమధ్యరేఖకు దక్షిణంగా 21 డిగ్రీలకు పైగా ఉండి తీరాలి. బాబాయిగారు ఈ లెక్కను కాగితం లేకుండా, చేతిని గాలిలో వాల్చి చూపిస్తూ చెప్పారు. తిరుత్తణి అన్న మిత్రుడు రెండుసార్లు అడిగి అర్థం చేసుకొని మరీ ఒప్పుకున్నాడు.

ఆ లెక్కతో ప్రపంచం ఒక్కసారిగా చిన్నదైపోయింది. అంత దక్షిణాన, బండ్లు ఎడమపక్కన నడిచే దేశాలు కొన్నే ఉన్నాయి, వాటిలో ఇంత విస్తారంగా చెరకు వేసేవి ఇంకా తక్కువ. నెల్లూరు మిత్రుడు ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ అన్నాడు. అక్కడ తీరం వెంట చెరకు పండుతుందన్న మాట నిజమే, గోపురం కట్టుకునేంతమంది మనవాళ్లు ఇప్పుడు అక్కడా ఉన్నారు. అప్పుడు నా భార్య దృశ్యాన్ని కిందికి దించి, రోడ్డు అంచును పెద్దది చేసి చూపించింది. అక్కడ పసుపు గీత ఉంది. ఆస్ట్రేలియాలో అంచున వేసే గీత తెల్లగా ఉంటుంది, దక్షిణాఫ్రికాలో పసుపు రంగులో ఉంటుంది. పసుపు గీత, చెరకు, గోపురం మూడూ కలిసే చోటు దక్షిణాఫ్రికాలోని క్వాజులు-నటాల్ తీరమేనని, అందులోనూ డర్బన్‌కు ఉత్తరాన ఉండవచ్చునని ఒక మాట మీదికి వచ్చి పిన్ గుచ్చాం. పటం తెరుచుకొని చూస్తే అసలు చోటుకూ మా పిన్‌కూ మధ్య ఉన్న గీత చాలా చిన్నది. తిరుత్తణిలో గుచ్చి ఉంటే దాదాపు సున్నా వచ్చేది.

ఆ రాత్రి తర్వాతి రౌండు ఆడలేదు. చెరకుతోటల్లో ఆ గోపురం ఎందుకు ఉందో బాబాయిగారికి కొంత తెలుసు, మిగతాది ఫోన్లలో వెతికి చదువుకున్నాం. నటాల్ చెరకుతోటల్లో కూలికి ఒప్పంద పత్రాల మీద మనుషులను తీసుకెళ్లిన మొదటి ఓడ ట్రూరో, 1860 నవంబర్ 16న డర్బన్ చేరింది. అది బయలుదేరింది మదరాసు నుంచే. అప్పటికి మదరాసుకు కట్టిన రేవు లేదు, మసూలా పడవల్లో అలలు దాటి వెళ్లి సముద్రంలో నిలిచి ఉన్న ఓడను ఎక్కాలి. 1911లో ఆ పద్ధతి ఆగిపోయేలోపు లక్షన్నర మందికి పైగా వెళ్లారు, వారిలో ఎక్కువమంది ఓడ ఎక్కింది ఈ తీరంలోనే. విశాఖపట్నం, గంజాం, ఉత్తర ఆర్కాటు జిల్లాల నుంచి వెళ్లిన తెలుగువారు వారిలో చాలామంది. దక్షిణాఫ్రికా ఆంధ్ర మహాసభను 1931లోనే స్థాపించుకున్నారు. విల్లివాక్కంలో లోకల్ రైలెక్కి బీచ్ స్టేషన్‌లో దిగితే, వాళ్లు ఓడ ఎక్కిన ఆ సముద్రం అక్కడికి దగ్గరే. నేను ఈ నగరంలో ఇన్నేళ్లు ఉన్నా ఈ సంగతి నాకు చేరింది ఒక స్తంభం నీడ వల్ల. అందుకు ఈ ఆటకు నేను మనస్ఫూర్తిగా కృతజ్ఞుణ్ణి. ముందుకు కదలనిచ్చి ఉంటే రెండు నిమిషాల్లో ఏదో ఒక పలక దొరికేది, పేరు వెతికేవాళ్లం, తర్వాతి రౌండుకు వెళ్లిపోయేవాళ్లం.

ఇంత మెచ్చుకున్నాక కొన్ని విషయాలు సర్దుకొని చెప్పాలి. కదలిక ఆపితే చాలు, మాటలు వాటంతట అవే వస్తాయని నేను చాలామందికి చెప్పాను. అది అన్నిసార్లూ నిజం కాదు. గుంటూరు మిత్రుడు కొంతకాలం నిపుణుల వీడియోలు చూసి, చిత్రాలు తీసిన కారును బట్టి దేశాన్ని చెప్పడం నేర్చుకున్నాడు. కెన్యాలో ఆ కారుకు పైకి లేచిన గొట్టం కనబడుతుంది, ఘానాలో కారు పైనున్న కడ్డీ మీద నల్లటి టేపు ఉంటుంది, మంగోలియాలో కారు మీద కట్టిన సామాను కనబడుతుంది. ఇవన్నీ నిజాలే, పోటీల్లో ఆడేవారికి అవసరమే కూడా. కానీ అతను కిందికి ఒక్క చూపు చూసి కెన్యా అనేశాక మిగతావారికి అక్కడి మట్టిని గాని, చెట్లను గాని చూడాల్సిన పని మిగలదు. కొన్ని వారాలు గది నిశ్శబ్దంగా ఉండిపోయింది. చివరికి కారు వైపు చూడకూడదని మాలో మేం ఒక నియమం పెట్టుకున్నాం. అతనే ముందుగా ఒప్పుకున్నాడు. రోడ్డు గీతలు, స్తంభాలు కూడా ఒక రకంగా అలాంటి గుర్తులే కదా అని అడిగితే నా దగ్గర గట్టి సమాధానం లేదు. అవి అక్కడి మనుషులు తమ కోసం పెట్టుకున్నవి, కారు అక్కడిది కాదు. నా వరకు ఆ తేడా చాలు.

పిల్లలకు ఇది భూగోళ శాస్త్రం నేర్పుతుందని కూడా మొదట్లో అనేవాణ్ణి. ఇప్పుడు ఆ మాటను కాస్త తగ్గించి చెబుతున్నాను. ఒట్టి ఆట నేర్పేది ఎక్కువగా రోడ్ల రూపురేఖలను. నదులు, పంటలు, వలసలు, చరిత్ర నేర్చుకోవాలంటే రౌండు అయ్యాక ఆగి చదివే తీరిక, వివరించడానికి బాబాయిగారి లాంటి మనిషి ఉండాలి. ఒకరు పిన్ పెట్టగానే ఎదుటివారికి కొద్ది సెకన్లే ఇచ్చే డ్యూయెల్స్ అనే పోటీ పద్ధతిలో అంత తీరిక ఉండదు, దాని రుచి వేరు. మేము సమయాన్ని చాలా ఎక్కువగా పెట్టుకుంటాం. అన్ని దృశ్యాల్లోనూ చెప్పుకోవడానికి ఏదో ఒకటి ఉంటుందనీ అనుకోవద్దు. రెండువైపులా పైన్ చెట్లు, మబ్బు పట్టిన ఆకాశం తప్ప ఇంకేమీ లేని రౌండ్లు వస్తాయి, అక్కడ కదలిక లేకపోవడం ఒట్టి ఇబ్బందే. మా సొంత ఊరు తగిలినప్పుడు కూడా ఆట చప్పగా ఉంటుంది. తమిళనాడు సహకార పాల సంస్థ ఆవిన్ పాలబూత్ కనబడగానే చర్చ ముగిసిపోతుంది, ఏ పేట అన్నది తేల్చుకోవడమే మిగులుతుంది.

ఈ పద్ధతిని అందరికీ సిఫారసు చేయగలనా అంటే, మా పరిస్థితులు చెప్పకుండా చేయలేను. మాకు ఒకే గది, పెద్ద తెర, రకరకాల పనులు చేసిన మనుషులు, తెల్లారి సెలవు ఉన్నాయి. స్తంభం నీడ, రోడ్డు అంచు గీత టీవీ మీద కనబడినంత స్పష్టంగా ఫోన్ తెర మీద కనబడవు. మాతో ఆడుతూ ఉద్యోగరీత్యా హైదరాబాద్ వెళ్లిపోయిన మిత్రుడు ఇప్పుడు ఫోన్ కాల్‌లోనే చేరుతున్నాడు. మేం వేలు పెట్టి చూపించేది అతనికి కనబడదు, అందరం ఒకేసారి మాట్లాడితే వినబడదు. అతనికి కదిలే ఆటే నయం, ఒంటరిగా ఆ రోడ్ల మీద తిరగడం ఇష్టమని చెబుతాడు. ఈసారి చందాను ఇక్కడ ఉన్నవాళ్లం మాత్రమే పంచుకొని ఒక ఖాతాకు కడుతున్నాం. అతను విడిగా తనది తాను కట్టుకున్నాడు, నెలకొక శనివారం మా కోసం కదలిక ఆపి ఆడతానన్నాడు.