ఉల్లిరసమా, రోజ్‌మేరీయా, గుంటగలగర నూనెయా? రాలే జుట్టుకు ఏది మేలు?

ముందే చెప్పేస్తాం. తలకు రాసేవాటిలో అందరూ వాడుకోదగ్గది కొబ్బరినూనె. పాపిడి పలచబడుతున్నవాళ్లు ప్రయత్నించదగ్గది రోజ్‌మేరీ. ఉల్లిరసం చాలామందికి అనవసరం. ఇక ఇరవైల్లో ఉన్న అమ్మాయిల్లో ఎక్కువమందికి వీటన్నిటికంటే ముందు చూసుకోవాల్సినవి రోజూ తినే తిండి, ఒంట్లో ఐరన్ నిల్వ. ఎందుకంటే జుట్టు రాలడం అని మనం ఒకే మాట వాడినా, అందులో నాలుగైదు వేర్వేరు సమస్యలున్నాయి. ఒకదానికి పనిచేసేది ఇంకోదానికి పనిచేయదు.

అందుకే ఏదైనా రాసేముందు రాలిన వెంట్రుకను చూడండి. దువ్వెనకు చిక్కిన వాటిలోంచి ఓ పది తీసి, రెండు చివర్లూ పరీక్షగా చూడండి. ఒక చివర గుండుసూది మొనంత తెల్లని బుడిపె ఉంటే ఆ వెంట్రుక కుదురు నుంచి ఊడింది. బుడిపె లేకుండా, మిగతా జుట్టుకన్నా పొట్టిగా ఉంటే అది ఊడలేదు, మధ్యలో తెగింది. బుడిపె కనబడగానే కుదురే పోయిందని భయపడతారు కానీ, కుదురు చర్మంలోనే ఉంటుంది. కాలం తీరిన వెంట్రుక మాత్రమే బయటికొస్తుంది. రోజుకు 50 నుంచి 100 దాకా అలా రాలడం మామూలే. వారానికి ఒక్కసారే తలంటుకునేవాళ్లకు ఆ రోజు గుప్పెడు వచ్చినట్టు కనిపించేది అన్నాళ్లవీ ఒకేసారి రావడం వల్ల.

ఇంకో పరీక్ష కూడా ఉంది. తలస్నానం చేసిన మర్నాడు ఓ యాభై అరవై వెంట్రుకలను వేళ్ల మధ్య పట్టుకుని, కుదురు దగ్గర్నుంచి చివరిదాకా మెల్లగా లాగండి. ఐదారుకు మించి చేతికొస్తే రాలడం ఎక్కువగా ఉన్నట్టే. తల నాలుగు వైపులా అలాగే వస్తుంటే, రెండు మూడు నెలల వెనక్కి వెళ్లి ఆలోచించండి. డెంగీ, టైఫాయిడ్ లాంటి జ్వరం వచ్చిందా? కాన్పు అయిందా? త్వరగా సన్నబడాలని అన్నం మానేశారా? ఒంటికి దెబ్బ తగలగానే చాలా వెంట్రుకలు ఒకేసారి ఎదుగుదల ఆపేసి విశ్రాంతిలోకి వెళ్తాయి. ఆ విశ్రాంతి దాదాపు మూడు నెలలు. అది అయ్యాక అన్నీ కలిసి ఊడతాయి. చదువుకోసం హైదరాబాద్ హాస్టల్‌కో, అమెరికాకో వెళ్లిన మూడో నెలలో జుట్టు రాలి, నీళ్లు పడలేదనుకునే అమ్మాయిలు చాలామంది. ఉప్పునీళ్లతో జుట్టు గరుకెక్కి తెగే మాట నిజమే. కానీ బుడిపెతో సహా ఊడుతుంటే నీళ్లకన్నా ముందు అనుమానించాల్సింది మారిన తిండిని, మానేసిన టిఫిన్‌ను, తగ్గిన బరువును.

ఇలా మూకుమ్మడిగా రాలేది, కారణం తొలగితే చాలామందిలో ఆరు నెలల్లోపు దానంతటదే తగ్గుతుంది. చిట్కాలకు ఇంత పేరు రావడానికి ఇదొక పెద్ద కారణం. రాలడం బాగా ముదిరినప్పుడు ఏదో ఒకటి మొదలుపెడతాం. ఎలాగూ తగ్గాల్సిన సమయానికి తగ్గుతుంది. పేరు మాత్రం ఆ నెల రాసినదానికి వస్తుంది.

కొబ్బరినూనె, గుంటగలగర నూనె

తెగే జుట్టుకు కొబ్బరినూనెను మించింది లేదు. ఇందులోని లారిక్ ఆమ్లం వెంట్రుక లోపలిదాకా ఇంకుతుంది. 2003లో వచ్చిన ఒక అధ్యయనంలో కొబ్బరినూనెను, పొద్దుతిరుగుడు నూనెను, మినరల్ ఆయిల్‌ను పోల్చి చూస్తే, వెంట్రుకలోంచి ప్రొటీన్ పోకుండా ఆపింది కొబ్బరినూనె ఒక్కటే. అయితే ఇది ఉన్న వెంట్రుకను కాపాడుతుంది, కొత్తదాన్ని మొలిపించదు. కాబట్టి మాడుకు పోసి మర్దన చేయడంకన్నా జడ పొడవునా పట్టించడం ముఖ్యం. నడుము దాకా ఉన్న జుట్టుకు రెండు మూడు చెంచాలు చాలు. తలంటుకోవడానికి గంట, రెండు గంటల ముందు రాస్తే వెంట్రుక నీళ్లు పీల్చి ఉబ్బడం తగ్గుతుంది, చిక్కు తీసేటప్పుడు తెగదు. రాసి మూడు రోజులు అలాగే ఉంచితే దుమ్ము పట్టడం తప్ప అదనంగా వచ్చే లాభం లేదు.

చుండ్రు ఉన్నవాళ్లు మాత్రం మాడుకు నూనె పెట్టకండి. చుండ్రుకు తోడయ్యే మలసీజియా అనే ఫంగస్ తలమీది జిడ్డునే తిని బతుకుతుంది. నూనె రాసిన రోజు పొట్టు అణిగిపోయి తగ్గినట్టు కనిపిస్తుంది, మూడో రోజుకు దురద పెరుగుతుంది. వీళ్లకు ఫంగస్‌ను అణిచే కీటోకోనజోల్ షాంపూ ఐదు నిమిషాలు ఉంచి కడగడం ఏ ఇంటి వైద్యంకన్నా మేలు.

గుంటగలగరాకు వేసి కాచిన నూనె సంగతి వేరేగా చెప్పాలి, ఎందుకంటే ఇది మన ఇళ్లలో ఎక్కువగా కాచేది. ఎలుకల మీద చేసిన ప్రయోగాల్లో వెంట్రుకలు త్వరగా మొలిచాయి. మనుషుల మీద గట్టిగా నిలిచే పరీక్షలు జరగలేదు. నూనె ఎలాగూ కొబ్బరిదే కాబట్టి వాడితే నష్టం లేదు, సరిగ్గా కాచితే చాలు. పావు లీటరు గానుగ కొబ్బరినూనెకు రెండు గుప్పెళ్ల ఆకు. ఆకు కడిగి, నీడలో ఒక పూటంతా ఆరబెట్టి వడలనివ్వాలి. సన్న సెగ మీద అడుగు మందంగా ఉన్న గిన్నెలో నూనె వేడెక్కాక ఆకు వేస్తే చిటపటలాడుతుంది. ఆ చప్పుడు ఆకులోని తడిది. ఇరవై ముప్ఫై నిమిషాలకు చప్పుడు ఆగి, ఆకు వేళ్లతో నలిపితే గలగలా పొడి అయితే దించాలి. చప్పుడు ఆగకముందే దించితే తడి మిగిలి, పదిహేను రోజుల్లో నూనె ముక్కవాసన వస్తుంది, అడుగున బూజు కూడా పడుతుంది. పొగ వచ్చేదాకా ఉంచితే నూనె మాడిపోతుంది. పూర్తిగా చల్లారాక పొడి గుడ్డలో వడకట్టి గాజు సీసాలో పోసుకుని, రెండు నెలల్లో వాడేయండి. కరివేపాకు వేసినా ఇదే పద్ధతి.

ఆముదం చిక్కన. కొబ్బరినూనెలో నాలుగో వంతుకు మించి కలపొద్దు. ఆముదాన్ని పొడవైన జుట్టుకు పట్టించి కడిగేసరికి జుట్టంతా విడదీయలేనంత ఉండకట్టి, చివరికి కత్తిరించాల్సి వచ్చిన ఉదంతం వైద్య పత్రికల్లో ఉంది.

ఉల్లిరసం

దీనికి ఇంత ప్రచారం ఎలా వచ్చిందో తెలిస్తే ఎవరు వాడాలో కూడా తెలుస్తుంది. 2002లో ఇరాక్ వైద్యులు ఒక చిన్న పరీక్ష ఫలితాలు ప్రచురించారు. ఉల్లిరసం రోజుకు రెండుసార్లు రెండు నెలలపాటు రాస్తే చాలామందికి జుట్టు తిరిగొచ్చింది, మామూలు నీళ్లు రాసినవాళ్లలో కొద్దిమందికే వచ్చింది. కానీ ఆ రోగులందరికీ ఉన్నది పేనుకొరుకుడు, అంటే తలమీద రూపాయి బిళ్లంత మచ్చలుగా నున్నగా జుట్టు పోవడం. శరీరంలోని రక్షణ వ్యవస్థే కుదుళ్లమీద దాడి చేయడం వల్ల వచ్చే సమస్య అది. జ్వరం తర్వాత రాలే జుట్టుకూ, పాపిడి వెడల్పవడానికీ దానితో సంబంధం లేదు. ఒకటి రెండు మచ్చలే ఉంటే చాలామందికి ఏడాదిలోపు వాటంతటవే నిండుతాయి కూడా.

కాబట్టి మచ్చలు ఉన్నవాళ్లు, అది కూడా చర్మవైద్యులకు చూపించుకున్నాక, పడుతుందనుకుంటే వాడొచ్చు. ఓ మధ్యరకం ఉల్లిపాయను నీళ్లు పోయకుండా మిక్సీ పట్టి, పలచటి గుడ్డలో పిండితే మూడు నాలుగు చెంచాల రసం వస్తుంది. వడకట్టకుండా గుజ్జే రాస్తే పిప్పి జుట్టులో ఇరుక్కుని, అది దులిపే తంటాలో ఇంకాస్త జుట్టు పోతుంది. ముందు మోచేతి మడతలో చుక్క వేసి ఒక రోజు ఆగండి. ఎర్రబడితే మానేయండి. రాశాక పదిహేను నిమిషాలు చాలు. మంట ఎక్కువైతే పనిచేస్తోందనుకునే నమ్మకం ఒకటుంది, అది తప్పు. మంట అంటే చర్మం కమిలిపోతోందని అర్థం. కమిలిన మాడుమీద జుట్టు ఇంకా రాలుతుంది. నిమ్మరసం కలిపి రాయడం మరీ ప్రమాదం. వాసన రెండు మూడు తలస్నానాలకు గానీ వదలదు, రోజూ కాలేజీకో ఆఫీసుకో వెళ్లే అమ్మాయికి ఇది చిన్న ఇబ్బంది కాదు.

మెంతులు, మందారాకు

ఇవి రాలడాన్ని ఆపవు, కానీ పొడిబారి చిక్కులు పడే జుట్టుకు బజారు కండిషనర్‌కు దీటుగా పనిచేస్తాయి. రెండింటిలోనూ ఉన్న జిగురు వెంట్రుక చుట్టూ పూతలా పట్టి జారుడునిస్తుంది. రెండు చెంచాల మెంతులు రాత్రి నానబెట్టి, ఆ నీళ్లతోనే మెత్తగా రుబ్బి, అరగంట ఉంచి కడగాలి. బరకగా ఉంటే తల నిండా పలుకులే. మందారాకు పది తీసుకుని నీళ్లు పోసి రుబ్బి వడకడితే ఆ పలుకుల బాధ ఉండదు, అందుకే ఈ రెండింటిలో మందారానిదే పైచేయి. శనగలు, వేరుశనగలు పడనివాళ్లకు మెంతులు కూడా పడకపోవచ్చు. ముందు కొంచెం రాసి చూసుకోండి.

రోజ్‌మేరీ

మన వంటింటిది కాదు, కానీ రాసే మూలికల్లో పాపిడి పలచబడటానికి కాస్తో కూస్తో ఆధారం ఉన్నది దీనికే. 2015లో ఇరాన్‌లో 100 మంది మీద ఆరు నెలలపాటు రోజ్‌మేరీ నూనె ద్రావణాన్ని జుట్టు మొలవడానికి తలకు రాసే మందైన 2 శాతం మినాక్సిడిల్‌తో పోల్చి చూశారు. మూడు నెలలకు రెండింటిలోనూ చెప్పుకోదగ్గ మార్పు లేదు. ఆరు నెలలకు రెండు గుంపుల్లోనూ వెంట్రుకల లెక్క దాదాపు ఒకేలా పెరిగింది. ఆశ పుట్టించే ఫలితమే. అయితే ఆ వందమందీ మగవాళ్లే, పైగా ఏ మందూ రాయని గుంపు అందులో లేదు. అమ్మాయిలకూ అంతే పనిచేస్తుందని దీన్ని బట్టి తేల్చలేం.

వాడాలనుకుంటే 30 మిల్లీలీటర్ల కొబ్బరినూనెలో 12 చుక్కల రోజ్‌మేరీ తైలం కలిపి, వారానికి మూడు నాలుగుసార్లు పాపిడి వెంట వేలికొసలతో అద్దండి. తైలాన్ని కలపకుండా నేరుగా రాస్తే చర్మం పొక్కుతుంది. ఆకులు మరిగించిన నీళ్లలో తైలం పాలు చాలా తక్కువ, కాబట్టి పరీక్షలో వచ్చిన ఫలితాన్ని రోజ్‌మేరీ నీళ్లకు అంటగట్టలేం. నెల రోజులు వాడి మానేసేవాళ్లకు ఇది దండగ, ఆరు నెలల ఓపిక ఉంటేనే మొదలుపెట్టండి. గర్భిణులు వాడకపోవడమే మంచిది.

తిండి, రక్తపరీక్ష

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో రక్తహీనత ఉన్నవాళ్లు ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం, తెలంగాణలో 57.6 శాతం. ప్రతి పదిమందిలో దాదాపు ఆరుగురు. హిమోగ్లోబిన్ బాగానే ఉన్నా నిల్వ ఐరన్ అడుగంటి ఉండొచ్చు. దాన్ని చెప్పేది ఫెర్రిటిన్ పరీక్ష. ల్యాబ్ కాగితం మీద మామూలు అని పడినా, అంకె 15, 20 దగ్గర ఉంటే జుట్టు విషయంలో అది తక్కువేనని చాలామంది చర్మవైద్యులు భావిస్తారు. 40 పైన ఉండాలని చూస్తారు. దీనితోపాటు రక్తకణాలను లెక్కించే సీబీసీ, థైరాయిడ్‌కు టీఎస్‌హెచ్ పరీక్షలు చేయించుకుంటే సగం చిక్కుముడి విడిపోతుంది.

హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ ఆడవాళ్లకు రోజుకు 29 మిల్లీగ్రాముల ఐరన్, 46 గ్రాముల దాకా ప్రొటీన్ కావాలంటుంది. రెండు ఇడ్లీలు, మధ్యాహ్నం చారన్నం, రాత్రి పెరుగన్నంతో రోజు గడిపితే ఇందులో సగం కూడా అందదు. వెంట్రుక ప్రధానంగా ప్రొటీనే. ఒక గుడ్డులో 6 గ్రాములుంటుంది. ఇడ్లీకి బదులు పెసరట్టు, మధ్యాహ్నం గట్టి పప్పు, సాయంత్రం ఉడికించిన శనగలు, రాత్రికి గుడ్డు లేదా చేప ఉంటే లెక్క దగ్గరికొస్తుంది. మాంసం తినేవాళ్లకు వారానికోసారి మేక కార్జం మంచి ఐరన్. శాకాహారులు తోటకూర, పప్పులు, నువ్వులు తింటూ నిమ్మరసమో ఉసిరికాయో జతచేయాలి, విటమిన్ సి లేకపోతే ఆకుకూరల్లోని ఐరన్ ఒంటికి పట్టేది కొంచెమే. తినగానే టీ, కాఫీ తాగితే అది ఇంకా తగ్గుతుంది. గంట ఆగండి. ఫెర్రిటిన్ బాగా పడిపోతే తిండి ఒక్కటే సరిపోదు, మాత్రలు డాక్టర్ చెప్పిన మోతాదులో కొన్ని నెలలు వాడాల్సిందే. జుట్టు నెలకు పెరిగేది సెంటీమీటరు పైచిలుకు. కాబట్టి నుదుటి దగ్గర పిల్లవెంట్రుకలు నిక్కబొడుచుకుని కనిపించడానికే మూడు నాలుగు నెలలు పడుతుంది.

మరి ఎవరికి ఏది?

వెంట్రుకలు తెగుతుంటే తలంటుకునే ముందు కొబ్బరినూనె, తర్వాత మందారాకు రసం. తడిజుట్టుకు జడ వేయడం, నెత్తిమీద బిగించి పోనీ కట్టడం మానకుండా ఇవేవీ పనిచేయవు. కణతల దగ్గర జుట్టు పలచబడితే ఆ బిగువే కారణం కావొచ్చు, ఏళ్ల తరబడి లాగితే అక్కడ తిరిగి మొలవదు. తలంతా మూకుమ్మడిగా రాలుతుంటే తిండి, పరీక్షలు. పాపిడి ఏటేటా వెడల్పవుతూ, నెలసరి తప్పుతూ, గడ్డం కింద వెంట్రుకలు వస్తుంటే పీసీఓఎస్ అనే హార్మోన్ల సమస్య ఉందేమో చూపించుకోవాలి. ఇక్కడ రోజ్‌మేరీ తోడుగా ఉండొచ్చు కానీ, దాన్ని నమ్ముకుని రెండేళ్లు గడిపేస్తే పలచబడ్డ కుదుళ్లను వెనక్కి తేవడం కష్టం. ఈ దశలో మినాక్సిడిల్‌దే పైచేయి. మొదటి కొన్ని వారాలు రాలడం పెరుగుతుందని, గర్భం కోసం చూస్తున్నవాళ్లు, పాలిచ్చే తల్లులు వాడకూడదని తెలుసుకుని, డాక్టర్ సలహాతో మొదలుపెట్టండి. మాడుమీద చీము, నొప్పి, నున్నటి మచ్చలుంటే ఇంట్లో ఏదీ రాయకుండా నేరుగా చర్మవైద్యుల దగ్గరికే వెళ్లాలి.

వెళ్లేటప్పుడు ఒకటి మరవకండి. జుట్టుకని బయోటిన్ అనే విటమిన్ మాత్రలు మింగుతుంటే రక్తం ఇవ్వడానికి కనీసం రెండు మూడు రోజుల ముందే ఆపేసి, ఆ సంగతి ల్యాబ్ వాళ్లకూ, డాక్టరుకూ చెప్పండి. ఎక్కువ మోతాదు బయోటిన్ థైరాయిడ్ పరీక్ష అంకెలను తారుమారు చేయొచ్చు, లేని జబ్బుకు మందు రాయించుకోవాల్సి రావొచ్చు.