నాయకుల పర్యటన ఏర్పాట్ల కోర్సు: కాగితం పని భేష్, పొరుగు దేశాల పాఠం మాత్రం తేలిపోయింది

ముందే చెప్పేస్తున్నా, డబ్బులు దండగ కాలేదు. కానీ పొరుగు దేశాలకు నాయకుడు వెళ్లేటప్పుడు జరిగే దౌత్య ఏర్పాట్లు నేర్పిస్తామంటే చేరినవాణ్ని నేను, తీరా చూస్తే పన్నెండు పాఠాల్లో ఆ పొరుగు దేశాల పాఠమే అన్నిటికన్నా నీరసంగా ఉంది. మిగతా పదకొండూ బాగున్నాయా అంటే అదీ లేదు. కాగితాల పని గురించిన మూడు పాఠాలు మాత్రం అదిరిపోయాయి, ఆ మూడింటి కోసమే మళ్లీ ఫీజు కట్టమన్నా కడతాను.

సంస్థ పేరు రాయట్లేదు. తప్పులు చూపిస్తే కొన్ని దిద్దారు, కొన్ని దిద్దుతున్నామన్నారు, ఈలోపు పేరు పెట్టి బజారుకీడ్చడం ఎందుకు. ఆన్‌లైన్ కోర్సు, రికార్డు చేసిన వీడియోలు, వారానికోసారి లైవ్ క్లాసు, చివర్లో ఒక ప్రాజెక్టు.

నేను విదేశాలకు వెళ్లే వ్యాపార బృందాల ప్రయాణాలు చూసే ఉద్యోగంలో ఉన్నాను. ప్రధానో అధ్యక్షుడో ఎక్కడికైనా వెళ్తుంటే వెనకాలే ఒక వ్యాపార బృందం కూడా బయల్దేరుతుంది కదా, ఆ బృందం బస్సు ఎక్కడ ఆగాలి, ఎవరు ఏ గేటు నుంచి లోపలికి పోవాలి, రెండు గంటలు ఎందుకు రోడ్డు మీద నిలబెట్టారు అని అందరూ నన్నే అడుగుతారు. నాకు జవాబులు తెలియవు. అందుకే చేరాను.

మొదటి రెండు పాఠాలు త్వరగా దాటేయొచ్చు. రాజ్య పర్యటన, అధికారిక పర్యటన, పని మీద వెళ్లే పర్యటన, దారిలో కాసేపు ఆగడం, వీటి మధ్య తేడాలు. దేశాధినేతకు 21 తుపాకుల వందనమనీ, అమెరికాలో అయితే ప్రభుత్వాధినేతకు 19 అనీ, రాయబారుల వరుసను వాళ్లు బాధ్యతలు తీసుకున్న తేదీని బట్టి చూడాలని 1961 వియన్నా ఒప్పందంలో ఉందనీ ఇలాంటివి. క్విజ్‌కి పనికొస్తాయి.

అసలు సరుకు మూడో పాఠం నుంచి మొదలవుతుంది. అడ్వాన్స్ టీమ్ అంటే భద్రతా సిబ్బంది ముందుగా వెళ్లి హోటల్ చూసి రావడమే అనుకునేవాణ్ని. వాళ్లు చూసే జాబితా ఇచ్చారు, నాలుగు పేజీలు. విమానం మెట్లు ఏ తలుపు దగ్గర పెడతారు, దిగిన చోటు నుంచి గౌరవ వందనం వేదిక దాకా ఎన్ని అడుగులు, వాన పడితే గొడుగు ఎవరు పట్టుకుంటారు, కాన్వాయ్‌లో ఇంటర్‌ప్రెటర్ ఏ కారులో, డాక్టర్ ఏ కారులో, దగ్గర్లోని ఆసుపత్రిలో ఆ రక్తం గ్రూపు ఉందా లేదా. ఇవన్నీ ఆతిథ్య దేశం వాళ్లతో కలిసి నడిచి చూసుకోవాలి, ఎందుకంటే వేదిక వాళ్లది, నాయకుడు మనవాడు, గొడుగు ఎవరిదన్న దాని మీద కూడా మాటామాటా వస్తుందట.

ఐదో పాఠం గురించి కాస్త ఎక్కువే చెప్తాను, కోర్సుకి ప్రాణం అదే. ఉమ్మడి ప్రకటన రాయడం. నాయకుడు విమానం ఎక్కకముందే ముసాయిదా రెండు రాజధానుల మధ్య తిరుగుతుంటుంది, ఇంకా ఒప్పందం కుదరని మాటలన్నీ చదరపు బ్రాకెట్లలో ఉంటాయి, పర్యటన రోజుకల్లా బ్రాకెట్లన్నీ పోవాలి. ఇది ఎక్కడైనా చదవొచ్చు. కానీ వీళ్లు మమ్మల్ని జంటలుగా విడదీసి, చెరొక దేశం ఇచ్చి, ఒకటిన్నర పేజీ ముసాయిదా చేతిలో పెట్టి మీరే తేల్చుకోండి అన్నారు. అందులో ఒక వాక్యం ఇది: "ఇరుపక్షాలు సరిహద్దు సమస్యను [త్వరగా] [అంగీకరించిన గడువులోగా] [తగిన సమయంలో] పరిష్కరించుకోవాలని [నిర్ణయించాయి] [ఆకాంక్షించాయి]."

నాకు జోడీగా వచ్చినావిడ వృత్తిరీత్యా లాయరు. ఒక్క వాక్యానికి మూడు సాయంత్రాలు పట్టింది. నాకు "గడువులోగా" కావాలి, ఆవిడకి "తగిన సమయంలో" కావాలి. మూడో రోజు రాత్రి "త్వరగా" దగ్గర రాజీ పడ్డాం, బదులుగా నేను "నిర్ణయించాయి" వదిలేసి "ఆకాంక్షించాయి"కి ఒప్పుకున్నా. ఫోన్ పెట్టేశాక చదువుకుంటే అర్థమైంది, త్వరగా అవ్వాలని ఆకాంక్షించడమంటే ఎవరూ ఏమీ చేయనక్కర్లేదు! ఆవిడ గెలిచింది. ఇప్పుడు పేపర్లో ఏ ఉమ్మడి ప్రకటన చూసినా ముందు క్రియలే చూస్తున్నా.

బ్రాకెట్లు పోకపోతే ఏమవుతుందో కూడా చక్కగా చెప్పారు. 2001 జూలైలో ఆగ్రాలో వాజ్‌పేయి, ముషారఫ్ చర్చలు ఉమ్మడి ప్రకటన లేకుండానే ముగిశాయి. 1972 షాంఘై ప్రకటనలో ఇంకో దారి తొక్కారు, ఒప్పుకోని చోట అమెరికా మాట అమెరికా, చైనా మాట చైనా విడివిడిగా రాసుకుని ఒకే కాగితంలో పెట్టారు.

సంతకాల పాఠం కూడా బాగుంది. ఒప్పందానికి రెండు ప్రతులుంటాయి, ఎవరి దగ్గర ఉండే ప్రతిలో వాళ్ల దేశం పేరు ముందొస్తుంది, సంతకం చోటు కూడా అంతే. టీవీలో సంతకాలప్పుడు వెనక ఇద్దరు అధికారులు నిలబడి ఫోల్డర్లు అటూ ఇటూ మార్చడం చూశాం కదా, అది ఇందుకే. ఇన్నేళ్లూ అది వట్టి లాంఛనం అనుకున్నా. ప్రతులు తారుమారైతే ఎదుటివాళ్ల పేరు ముందున్న కాగితంతో ఇంటికి రావాల్సి వస్తుంది.

ఇక తొమ్మిదో పాఠం, పొరుగు దేశాలు. వీడియో నలభై నిమిషాలు, అందులో ఇరవై ఐదు నిమిషాలు అమెరికా అధ్యక్షుడు నిక్సన్ చైనా పర్యటనే. ఆయన జాతీయ భద్రతా సలహాదారు కిసింజర్ 1971 జూలైలో పాకిస్తాన్‌లో కడుపునొప్పి అని చెప్పి రహస్యంగా బీజింగ్ వెళ్లడం, 1972 జనవరిలో కిసింజర్ డిప్యూటీ అలెగ్జాండర్ హేగ్ ముందస్తు బృందంతో వెళ్లి ఏర్పాట్లు చూడటం, ఫిబ్రవరిలో నిక్సన్ దిగడం. కథ బాగుంది, చెప్పినాయన కూడా రక్తి కట్టించాడు. కానీ మహానుభావా, అమెరికా, చైనా ఎప్పుడు పొరుగు దేశాలయ్యాయి, మధ్యలో పసిఫిక్ మహాసముద్రం ఉంది!

పొరుగుకి వెళ్లడం వేరే లెక్క. ముందు ఎవరింటికి వెళ్లావన్నదే ఒక మాట. 2014లో ప్రధాని అయ్యాక మోదీ మొదట భూటాన్ వెళ్లారు, 2019లో రెండోసారి గెలిచాక మొదట మాల్దీవులు, అక్కడి నుంచి శ్రీలంక. ఆ వరుస చూసి మిగతా రాజధానుల్లో ఏమనుకుంటారన్నది కూడా ఏర్పాట్లలో భాగమే, దాని గురించి పాఠంలో ఒక్క ముక్క లేదు.

రెండోది, సరిహద్దు పక్కన ఉండే సొంత రాష్ట్రాలు. 2011 సెప్టెంబరులో మన్మోహన్ సింగ్ ఢాకా వెళ్లేటప్పుడు తీస్తా నీళ్ల ఒప్పందం మీద సంతకాలవుతాయని అందరూ అనుకున్నారు, చివరి క్షణంలో పశ్చిమ బెంగాల్ ముఖ్యమంత్రి మమతా బెనర్జీ రానన్నారు, ఒప్పందం ఆగిపోయింది. 2015 జూన్‌లో మోదీ ఢాకా వెళ్లినప్పుడు ఆవిడ కూడా అక్కడున్నారు, 1974లో ఇందిరా గాంధీ, ముజిబుర్ రెహ్మాన్ సంతకాలు చేసిన భూసరిహద్దు ఒప్పందం అప్పటికి ఒక కొలిక్కి వచ్చింది, ఆ జూలై 31 అర్ధరాత్రి 162 చిన్న చిన్న భూభాగాలు చేతులు మారాయి. అంటే ఢాకా ప్రయాణానికి కోల్‌కతాలో కూడా ఏర్పాట్లు చేసుకోవాలన్నమాట. నిక్సన్‌కి ఈ బాధ లేదు.

విమానం దారి కూడా అంతే. 1944 షికాగో ఒప్పందం ప్రకారం ప్రభుత్వ విమానం ఇంకో దేశం మీదుగా ఎగరాలంటే ఆ దేశం అనుమతి కావాలి. ఇది ఒక స్లైడ్‌లో రాసి వదిలేశారు. 2019 సెప్టెంబరులో మోదీ అమెరికా వెళ్లేందుకు తన గగనతలం వాడుకోవడానికి వీల్లేదని పాకిస్తాన్ చెప్పిన సంగతి పెట్టినా సరిపోయేది. పొరుగువాడితో పేచీ ఉంటే మూడో దేశానికి వెళ్లడానికి కూడా చుట్టు తిరగాలి.

ఇంకా ఎన్ని ఉన్నాయి! 1977 నవంబరులో ఈజిప్టు అధ్యక్షుడు సాదాత్ ఇజ్రాయెల్‌లోని జెరూసలేం వస్తానని తన పార్లమెంటులో ప్రకటించిన పది రోజులకే అక్కడ దిగాడు, దౌత్య సంబంధాలే లేని రెండు దేశాలు పది రోజుల్లో ఎలా సర్దుకున్నాయో అదొక్కటే ఒక పాఠం చేయొచ్చు. 2011 మేలో ఎలిజబెత్ రాణి ఐర్లండ్ వెళ్లింది, పక్కనే ఉన్న దేశానికి బ్రిటిష్ రాజవంశం నుంచి దేశాధినేత వెళ్లి అప్పటికి వందేళ్లు, డబ్లిన్ కోటలో ప్రసంగం ఐరిష్ భాషలో నాలుగు ముక్కలతో మొదలుపెట్టింది. 2018 ఏప్రిల్‌లో సరిహద్దులోని పన్‌మున్‌జోంలో ఉత్తర, దక్షిణ కొరియాల నాయకులు కూర్చున్న బల్ల వెడల్పు సరిగ్గా 2018 మిల్లీమీటర్లు. బల్ల దాకా ఆలోచించారు చూడండి. ఇవన్నీ వదిలేసి కిసింజర్ కడుపునొప్పి చెప్పారు.

ఇంటర్‌ప్రెటర్ల పాఠం పదిహేను నిమిషాల్లో చుట్టేశారు. ఒకరు మాట్లాడాక ఇంకొకరు అనువదించే పద్ధతిలో అరగంట సమావేశం అంటే నిజానికి పావుగంట మాటలేనని చెప్పారు, బాగానే ఉంది. కానీ పక్క దేశాల నాయకులకు చాలాసార్లు ఒకే భాష వచ్చి ఉంటుంది, ఇంటర్‌ప్రెటర్ లేకుండా నేరుగా మాట్లాడేసుకుంటారు, అప్పుడు ఆలోచించుకోవడానికి ఆ అనువాదం గ్యాప్ దొరకదు, నోట్స్ రాసేవాడు లేకపోతే ఎవరేమన్నారో తర్వాత తేలదు. లైవ్ క్లాసులో ఇదే అడిగితే "మంచి ప్రశ్న" అన్నారు. జవాబు రాలేదు.

ప్రాజెక్టు దగ్గర నా పరువు పోయింది, అది కూడా చెప్పాలి. డిసెంబరులో ఒకే రోజు రెండు పొరుగు దేశాలకు మినిట్ టు మినిట్ షెడ్యూల్ వేయమన్నారు. ఢిల్లీ నుంచి కాఠ్మండూ, అక్కడ చర్చలు, సాయంత్రం భూటాన్‌లోని పారో, అని వేశాను. ప్రతి కదలికా నిమిషాల్లో, రంగులు కూడా వేశా. పారోలో 4.50కి విమానం దిగుతుంది, 5.00కి గౌరవ వందనం, ఆ వెంటనే తింఫూకి రోడ్డు మీద బయల్దేరడం.

దిద్దినాయన ఒక్క గీత గీసి రాశాడు: "ఇది ఏ గడియారం?"

ఢిల్లీ గడియారం. రోజంతా దానితోనే లెక్కేశాను. నేపాల్ మన కన్నా పదిహేను నిమిషాలు ముందు, భూటాన్ అరగంట ముందు. అంటే పారోలో అప్పుడు 5.20. డిసెంబరులో అక్కడ ఐదు దాటేసరికి సూర్యుడు పోతాడు, చుట్టూ కొండలు, ఆ విమానాశ్రయంలో విమానాలు పగటి వెలుతురులోనే దిగుతాయి. నా నాయకుడు గాల్లోనే ఉండిపోయాడు. కాఠ్మండూలో స్వాగతం చెప్పడానికి వచ్చినవాళ్లతో కూడా లెక్క కలవలేదు. దిద్దినాయన కింద ఇంకో మాట కూడా రాశాడు, 2024 మార్చిలో పారోలో వాతావరణం బాగోక మోదీ భూటాన్ పర్యటనే ఒక రోజు వెనక్కి జరిగిందనీ, ప్రత్యామ్నాయం లేని షెడ్యూలు షెడ్యూలే కాదనీ. నాకు నూటికి నలభై ఆరు. కడుపు మండినా, ఎనిమిది వారాల్లో నేను నేర్చుకున్నదాంట్లో సగం ఆ దిద్దిన కాగితంలోనే ఉంది, ఇలా కూర్చుని దిద్దేవాళ్లు వేరే కోర్సుల్లో నాకు దొరకలేదు.

చిన్న చిన్నవి: వీడియోల్లో ఆడియో ఓకే, సబ్‌టైటిల్స్ మాత్రం యంత్రం చేసినవి, కొన్నిచోట్ల నవ్వొస్తుంది. లైవ్ క్లాసులు రికార్డు చేసి పెడతారు. సందేహం పంపితే రెండు రోజుల్లో జవాబు వస్తుంది, ఇబ్బందికరమైన సందేహమైతే వారం.

ఎవరికి పనికొస్తుందంటే, ప్రోటోకాల్ పనిలో కొత్తగా చేరినవాళ్లకి, నాలాగా బృందాల వెంట తిరిగేవాళ్లకి, విదేశీ వార్తలు రాసే డెస్కువాళ్లకి కళ్లు మూసుకుని చెప్తాను. పోటీ పరీక్షల కోసమైతే వద్దు, అంత వివరం అక్కడ ఎవరూ అడగరు. పొరుగు దేశాల రాజకీయం తెలుసుకుందామని చేరేవాళ్లు తొమ్మిదో పాఠం కొత్తగా తీసేదాకా ఆగండి, తీస్తున్నామని చెప్పారు.

చివరగా జెండాల సంగతి. జెండాల ప్రోటోకాల్ పాఠానికి ఇచ్చిన పీడీఎఫ్‌లో నేపాల్ జెండాని సాగదీసి దీర్ఘచతురస్రం చేసేశారు. రెండు త్రికోణాలు ఒకదాని మీద ఒకటి ఉండే జెండా, ప్రపంచంలో నాలుగు మూలల ఆకారం కాని జాతీయ జెండా అదొక్కటే, మిగతా జెండాలతో వరుసగా కనపడాలని దాన్ని లాగి పెట్టారు. జెండా తప్పు పెట్టొద్దని చెప్పే పాఠంలో! మెయిల్ పెట్టాను. రెండు వారాలకి కొత్త పీడీఎఫ్ పంపారు, జెండా సరిగ్గా ఉంది, కింద థాంక్స్ కూడా చెప్పారు. సరదాగా తర్వాతి పేజీ తిప్పితే నమూనా షెడ్యూలు ఒకటి ఉంది, ఢిల్లీలో 9.00, కాఠ్మండూలో అదే క్షణానికి 9.00. మళ్లీ మెయిల్ పెట్టాను, ఈసారి నా నలభై ఆరు మార్కుల సంగతి కూడా రాశాను.