పాట ఆగిన తరువాతి అయిదారు సెకన్లు: పది నెలల ఇంటర్న్‌షిప్ అనుభవం

హైదరాబాదులోని ఒక ప్రదర్శన కళల సంస్థ పసిపిల్లలకు నడిపే సంగీత తరగతుల్లో నేను పది నెలలు ఇంటర్న్‌గా పనిచేశాను. దరఖాస్తు, ఇంటర్వ్యూ వంటివి అందరికీ తెలిసినవే కనుక, నన్ను అక్కడ నిలబెట్టిన ఒక్క నియమం గురించే రాస్తాను. పాట ముగిశాక టీచరు మాట్లాడకూడదు, చప్పట్లు కొట్టించకూడదు, మరో పాట ఎత్తుకోకూడదు. అయిదారు సెకన్లు ఊరికే కూర్చోవాలి. అమెరికన్ పరిశోధకుడు ఎడ్విన్ గోర్డన్ బోధన నుంచి తీసుకున్న ఈ విరామం మొదట్లో నాకు వట్టి కాలయాపనగా తోచింది.

నెలన్నరపాటు ఆ విరామంలో పిల్లల నుంచి నాకే బదులూ వినిపించలేదు కూడా. తప్పు పిల్లలది కాదని మా సీనియర్ టీచరు ఒక మధ్యాహ్నం నన్ను శ్రుతిపెట్టె ముందు కూర్చోబెట్టి చూపించారు. చిన్నప్పటి నుంచీ నాది అయిదు శ్రుతి, అంటే నా పాటకు ఆధారమైన 'స' ఆ ఎత్తులో ఉంటుంది. ఆ వయసు పిల్లల గొంతు హాయిగా పలికేది దానికి పైనున్న దాదాపు రెండు శ్రుతి షడ్జమం (స) నుంచి దాని పంచమం (ప) దాకానే, అంటే నా పంచమం దగ్గర గానీ వాళ్ల గొంతు మొదలే కాదు. వాళ్లకు అందని లోతులో పాడుతూ, బదులు పలకడం లేదని నేను నొచ్చుకుంటున్నానన్నమాట.

శ్రుతి మార్చిన రెండో వారంలో, స రి గ ప స్వరాలతో అల్లిన మాటలు లేని చిన్న పాటను, ముగియాల్సిన షడ్జమానికి చేరకుండా, రిషభం (రి) మీదే ఆపి ఊరుకున్నాను. అప్పటిదాకా ఒక్కసారీ నోరు విప్పని, రెండేళ్లు నిండని బాబు, వాళ్ల అమ్మమ్మ ఒడిలో కూర్చుని నములుతున్న గిలక్కాయను నోట్లోంచి తీసి, సరిగ్గా షడ్జమం మీద "ఊఁ" అన్నాడు. "పాడాడమ్మా!" అని ఆవిడ అనబోతుంటే సీనియర్ టీచరు పెదవుల మీద వేలుంచారు. నేనూ అదే స్వరంలో "ఊఁ" అన్నాను. వాడు మళ్లీ అన్నాడు. పదేళ్లు సంగీతం నేర్చుకున్న నాకు ఆధార షడ్జమం అంటే ఏమిటో ఆ పూటే అర్థమైందేమో.

ఆ ఊపులో ఈ సంస్థను నేను స్నేహితులందరికీ తెగ పొగిడాను. ఇప్పుడైతే కొంత తగ్గించే చెబుతాను. కొత్త తల్లిదండ్రులు చూడటానికి వచ్చిన రోజుల్లో, కట్టిన ఫీజుకు సందడి కనిపించాలి కాబోలు, అదే విరామంలో కీబోర్డు మోగేది. పిల్లలు ఇరవై దాటిన తరగతుల్లో విరామానికి అర్థమే ఉండేది కాదు. గిలక్కాయలు తుడవడం, చాపలు పరవడం ఇంటర్న్‌ల పనే. నెలనెలా ఇచ్చే భృతి మెట్రో ఛార్జీలకు, టిఫిన్‌కు సరిపోయింది. పిన్నిగారింట్లో ఉన్నాను కనుక నాకు ఇబ్బంది కాలేదు గానీ, గది అద్దె కట్టుకునేవాళ్లకు ఇది కష్టమే. మాయామాళవగౌళ రాగంలో సరళీవరుసలు, అంటే కర్ణాటక సంగీతపు తొలిపాఠాలు, చెప్పాలని ఉత్సాహపడేవాళ్లకూ ఇక్కడ నిరాశే మిగలవచ్చు. చేరదలచినవాళ్లు ముందుగా ఒక మామూలు వారం తరగతిలో కూర్చుని, పాట ఆగాక ఏం జరుగుతుందో చూసుకోవడం మంచిది.