బ్యాక్‌గ్రౌండ్ నవ్వులు: ఏళ్ల తరబడి విన్నాక నా మాట

టీవీ కామెడీల వెనక వినిపించే నవ్వుల గురించి ఎవరినడిగినా "పరమ చిరాకు, తీసిపారేయాలి" అంటారు. నేనలా అనను. దూరదర్శన్ రోజుల నుంచి ఇప్పటి ఫోన్ దాకా విజయనగరంలో మా ఇంట్లో ఈ నవ్వులు మోగుతూనే ఉన్నాయి. హిందీ సీరియళ్లు, ఇంగ్లిష్ సిట్‌కామ్‌లు (అవే పాత్రలతో వారం వారం నడిచే కామెడీ సీరియళ్లు), తెలుగు స్కిట్ షోలు, యూట్యూబ్‌లో మనవాళ్లు చేసే చిన్న వీడియోలు, అన్నిట్లోనూ విన్నాను. ఇన్నేళ్లకి నాకు ఒకే ఒక్క కొలత మిగిలింది. ఆ నవ్వు నటుడి చెవిన పడిందా, లేదా? పడిన నవ్వు కామెడీకి సాయం చేస్తుంది. పడనిది చెడగొడుతుంది.

ఈ సంగతి మా ఊరి వాళ్లకి ఎవరూ కొత్తగా చెప్పక్కర్లేదు. కన్యాశుల్కం నాటకాన్ని 1892లో మొదటిసారి ఆడింది ఇక్కడే. ఇప్పటికీ ఆ నాటకం ఎక్కడ వేసినా గిరీశం పాత్రధారిని గమనించండి. ఒక మాట విసురుతాడు, హాలు నవ్వుతుంది. తర్వాతి మాట నోటి దాకా వచ్చినా ఆపుకుంటాడు. ఊరికే నిలబడడు, కండువా సర్దుకుంటాడు, ఎదుటివాడి వైపు ఓ చూపు చూస్తాడు. నవ్వు పూర్తిగా ఆగిపోకముందే, అది కిందికి దిగుతున్నప్పుడు రెండో మాట అందుకుంటాడు. ముందే అంటే ఎవరికీ వినబడదు, ఆలస్యమైతే హాలు చల్లబడిపోతుంది. ఆ అదను పట్టుకోవడంలోనే ఉంది విద్యంతా. బుర్రకథలో హాస్యం చెప్పే వంతగాడూ అంతే. జనం బాగా నవ్వుతున్నారంటే పిట్టకథ సాగదీస్తాడు, లేకపోతే చటుక్కున కథలోకి వచ్చేస్తాడు.

అమెరికాలో మంచి స్టూడియో కామెడీలు కూడా ఈ పద్ధతిలోనే తయారయ్యాయి. 1951లో మొదలైన ఐ లవ్ లూసీని ఎదురుగా జనాన్ని కూర్చోబెట్టి మూడు కెమెరాలతో ఫిల్మ్ మీద తీశారు. ఆరుగురు స్నేహితుల కథ ఫ్రెండ్స్ కూడా చాలావరకు ప్రేక్షకుల ముందే తీసినది. జోకు పేలకపోతే రచయితలు అక్కడికక్కడే మార్చి మళ్లీ తీసేవారు. 1998లో లండన్‌లో తీసిన పెళ్లి ఎపిసోడ్‌లో ఆ స్నేహితుల్లో ఇద్దరు, మోనికా, చాండ్లర్, ఒకే మంచం మీద కనబడగానే జనం పెట్టిన కేకలు వినే, కొన్నాళ్ల సరదాగా అనుకున్న ఆ జంట కథని రచయితలు ముందుకు తీసుకెళ్లారు. అంటే ఆ నవ్వులు కథనే మార్చాయన్నమాట. ఇలాంటి వాటికి ఎడిటింగ్‌లో కొంచెం నవ్వు కలుపుతారని నాకు తెలుసు. దానితో నాకు పేచీ లేదు, అసలు నవ్వంటూ అక్కడ ఉంది కాబట్టి.

రెండో రకం మెషీన్ నవ్వు. రికార్డు చేసిన నవ్వుల్ని 1950లోనే ద హ్యాంక్ మెక్యూన్ షోకి అతికించారు. తర్వాత అమెరికన్ టీవీ ఛానెల్ సీబీఎస్ సౌండ్ ఇంజనీర్ చార్లీ డగ్లస్ దీనికోసం ఏకంగా ఒక పెట్టె తయారుచేశాడు. మీటలు నొక్కితే ఆడవాళ్ల నవ్వు, మగవాళ్ల నవ్వు, ముసిముసి నవ్వు, పగలబడి నవ్వడం, ఏది కావాలంటే అది వస్తుంది. ఎంతసేపు వినిపించాలన్నది కాలికింద పెడల్‌తో చూసుకునేవాడు. లోపల ఏముందో ఎవరికీ తెలియకుండా తాళాలు వేసి ఉంచేవాడట. మనిషి గొప్ప పనివాడు, అందులో సందేహం లేదు. కానీ ఆ పెట్టె దగ్గరికి సీన్ వచ్చేసరికి నటులు ఎప్పుడో ఇంటికి వెళ్లిపోయి ఉంటారు.

పెళ్లి భోజనాల్లో తినేవాణ్ణి అడక్కుండా విస్తట్లో వేసుకుంటూ పోయినట్టుంటుంది ఈ అతికించిన నవ్వు. దీన్ని కనిపెట్టడం తేలికే. నవ్వు వస్తున్నప్పుడు నటుడి ముఖం చూడండి. కాసేపు ఆగాడా, కళ్లతో ఏమైనా చేశాడా, లేక నవ్వు మీదుగానే మాట్లాడుకుంటూ పోయాడా? మన తెలుగు వీడియోల్లో ఎక్కువగా జరిగేది ఈ మూడోదే. మొదటి మాటకి నవ్వు పడుతుంది, దాని కింద రెండో మాట మునిగిపోతుంది, అసలు చమత్కారం ఆ రెండోదాన్లోనే ఉంటుంది. పైగా ఆ నవ్వు వాల్యూమ్ మాటల కంటే ఎక్కువ. మా మామ్మకి వినికిడి తక్కువ. మాటలు అందడం లేదని సౌండ్ పెంచుతాం, మరుక్షణం నవ్వు ఇల్లంతా అదిరిపోయేలా వస్తుంది, తగ్గిస్తాం, మళ్లీ మాటలు వినబడవు. రాత్రిపూట పిల్లలు నిద్రపోయాక ఇదే టెన్షన్. రిమోట్ చేతిలో పట్టుకుని చూడాల్సి వస్తుంది.

లాభాలు లేవని కాదు. నేను ఇంగ్లిష్ సంభాషణ పట్టుకున్నది ఈ సిట్‌కామ్‌లతోనే. జోకు నాకు అర్థం కాకపోయినా ఇక్కడేదో ఉంది అని ఆ నవ్వు చెప్పేది. వెనక్కి తిప్పి సబ్‌టైటిల్ చదివి ఎందుకు నవ్వారో కూపీ లాగేదాన్ని. ఇంగ్లిష్ నేర్చుకుంటున్న పిల్లలకి ఇప్పటికీ అదే చెబుతాను. ఒంటరిగా ఉండేవాళ్లకి కూడా ఆ సందడి తోడుగా ఉంటుంది. 2019లో లండన్‌లో నవ్వుల మీద పనిచేసే శాస్త్రవేత్త సోఫీ స్కాట్ బృందం చేసిన పరిశోధన కూడా నవ్వు సాయపడుతుందనే అంటోంది. పేలవమైన జోకుల వెనక నవ్వు చేర్చి వినిపిస్తే జనానికి అవి ఇంకాస్త బాగున్నాయనిపించింది. అందులోనూ కావాలని నవ్విన నవ్వు కంటే ఆపుకోలేక వచ్చిన నవ్వు ఎక్కువ పనిచేసింది. ఎదుటివాడి నవ్వు నిజమో కాదో మన చెవికి తెలుస్తుంది.

ఇక నన్ను నిజంగా బాధపెట్టే సంగతి. కొన్ని తెలుగు షోల్లో శ్రీకాకుళం యాస వినబడితే చాలు, నవ్వు వేసేస్తారు. ఒక స్కిట్‌లో కూరగాయలమ్మే ఆవిడ పాత్ర వచ్చి "ఏటి బావూ, వంకాయలెన్నెయ్యమంటావు?" అంది. వెనక హాలు విరగబడినంత నవ్వు. అక్కడ జోకు లేదు. ఆవిడ వంకాయల బేరం చేస్తోంది. మా మామ్మది ఆమదాలవలస దగ్గర పల్లె. టీవీ వైపు చూసి, మా వైపు చూసి, "ఏటర్రా, ఆలెందుకలా నవ్వుతన్నారు? ఆ గుంట ఏటందనీ?" అని అడిగింది. ఏం చెప్పాలి? మామ్మ పొద్దుట లేచిన దగ్గర్నుంచి మాట్లాడేది ఆ మాటే. దాని మీద నవ్వు అతికించిన మనిషికి ఆ మాట ఎవరిదో పట్టలేదు. ఎక్కడ నవ్వాలో చెప్పే అధికారం ఎడిటింగ్ టేబుల్ చేతికి ఇస్తే జరిగేది ఇదే. ఇదే స్కిట్ శ్రీకాకుళం ఏడు రోడ్ల జంక్షన్ దగ్గర స్టేజీ కట్టి వేసి ఉంటే, ఆ వాక్యానికి ఒక్కరు కూడా నవ్వేవారు కాదు. నటి కూడా అది గమనించి, నవ్వించడానికి ఇంకేదో నిజమైన పని చేసేది. మా పక్క పిల్లలు కాలేజీకి విశాఖో హైదరాబాదో వెళ్లి నోరు విప్పడానికి జంకుతారంటే అందులో ఈ నవ్వుల వాటా కొంత ఉందని నేను గట్టిగా నమ్ముతాను.

2013లో ఈటీవీలో జబర్దస్త్ వచ్చాక మనకి జడ్జీల నవ్వు అలవాటైంది. అది కొంత నయం, స్కిట్ చేసేవాళ్లకి ఆ నవ్వు ఎదురుగా వినబడుతుంది కదా. కెమెరా మాటిమాటికీ నవ్వే ముఖం మీదికి వెళ్లిపోతే మాత్రం నటుడి ముఖంలో ఏం జరిగిందో మనం చూడలేకపోతాం.

అలాగని అన్నిట్లోంచీ నవ్వు పీకేయడం మందు కాదు. ద బిగ్ బ్యాంగ్ థియరీ సీన్లలో నవ్వు తీసేసి, చూశారా ఎంత పేలవంగా ఉందో అని వీడియోలు పెడుతుంటారు. అది అన్యాయం. నటులు ఎదుటి జనం నవ్వు కోసం ఆగారు, ఆ నవ్వు తీసేస్తే మిగిలేది ఖాళీయే. నవ్వు లేకుండా చేయాలంటే మొదట్నుంచీ అలాగే రాసుకోవాలి, ద ఆఫీస్ వాళ్లు రాసుకున్నట్టు. యుద్ధంలో సైనిక డాక్టర్ల కథ మ్యాష్ సీరియల్ ఇందుకు మంచి ఉదాహరణ. తీసినవాళ్లకి నవ్వులు ఇష్టం లేదు, ఛానెల్ పట్టుబట్టింది. చివరికి ఆపరేషన్ థియేటర్ సీన్లలో నవ్వు వేయకూడదని ఒప్పందానికి వచ్చారు. గాయపడ్డ సైనికుడి పక్కన డాక్టర్లు వేసుకునే జోకుకి నవ్వాలా వద్దా అన్నది చూసేవాడికే వదిలేశారు. బ్రిటన్‌లో బీబీసీ అసలు నవ్వులే లేకుండా ప్రసారం చేసింది.

కాబట్టి కొత్తగా చూసేవాళ్లకి నా సలహా: జనం ముందు తీసినవాటిని ధైర్యంగా చూడండి, అతికించినవి రెండు ఎపిసోడ్లకి మించి భరించక్కర్లేదు. మా యాసలో కామెడీ తీసేవాళ్లని ఒకటే అడుగుతున్నాను. ఆ నవ్వులు హైదరాబాదులో కంప్యూటర్లోంచి తీసి వేయకండి. విజయనగరం ఆనందగజపతి ఆడిటోరియంలోనో, శ్రీకాకుళం బాపూజీ కళామందిర్‌లోనో ఒక పూట మావాళ్లని కూర్చోబెట్టి వాళ్ల ముందు ఆడండి. మైకులు వాళ్ల వైపు కూడా పెట్టండి. మా మామ్మని నేను తీసుకొస్తాను.