తారక్ మెహతా: పిల్లల ఎపిసోడ్ల కన్నా పెద్దల ఎపిసోడ్లే మాకు పనికొచ్చాయి

దోస్తులు బలవంతపెట్టినప్పుడు పిల్లలు తట్టుకోవడం ఎలాగో నేర్పే సీరియల్ ఏదైనా ఉందా అని ఎవరైనా అడిగితే నేను 'తారక్ మెహతా కా ఉల్టా చష్మా' పేరే చెబుతాను. కాకపోతే ఒక షరతు. పిల్లలకి బుద్ధి చెప్పడం కోసం తీసిన ఎపిసోడ్లు పక్కన పెట్టి, పెద్దవాళ్లు వెర్రివాళ్లయ్యే ఎపిసోడ్లు చూపించండి.

మాది మహారాష్ట్రలోని చంద్రపూర్ జిల్లా బల్లార్‌పూర్. మామయ్య పేపర్ మిల్లులో చేసి రిటైరయ్యారు, మా ఆయనది బొగ్గు గనిలో ఉద్యోగం. ఇంట్లో తెలుగు, బజారులో హిందీ, బడిలో మరాఠీ. ఈ సీరియల్ 2008 జులై 28న సబ్ టీవీలో మొదలైనప్పుడు నాకింకా పెళ్లి కాలేదు. పిల్లలు పుట్టి, పెరిగి, పెద్దోడు పదో తరగతికొచ్చినా అది నడుస్తూనే ఉంది. ఎపిసోడ్లు 4,000 దాటాయి. రాత్రి ఎనిమిదిన్నరకి కొత్తది వేస్తారు, మిగతా రోజంతా పాతవి తిప్పి తిప్పి వేస్తారు. మా ఎండాకాలం సంగతి తెలిసినవాళ్లకి చెప్పక్కర్లేదు. మే నెల మధ్యాహ్నాలు కూలర్ ముందు నుంచి లేవలేక మేం చూసిన పాత ఎపిసోడ్లకి లెక్కే లేదు. 'తారక్ మామ అయ్యో రామా' అని తెలుగులో కూడా వచ్చింది. అత్తమ్మకి అదే ఇష్టం. పిల్లలు మాత్రం జేఠాలాల్ తెలుగు మాట్లాడితే ఒప్పుకోరు.

తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. ముంబయిలో గోకుల్‌ధామ్ అనే సొసైటీ. గుజరాతీ, మరాఠీ, పంజాబీ, బెంగాలీ, తమిళం, ఒక్కో ఇంటిదీ ఒక్కో భాష. జేఠాలాల్‌కి ఎలక్ట్రానిక్స్ దుకాణం. భిడే ట్యూషన్ మాస్టారు, సొసైటీ సెక్రటరీ కూడా. సోధీకి గ్యారేజీ. తారక్ మెహతా అన్నది నిజంగానే ఒక గుజరాతీ హాస్య రచయిత పేరు, ఆయన పత్రికలో రాసిన శీర్షిక నుంచే ఇదంతా పుట్టింది. సీరియల్లో ఆయన పేరుతో ఉన్న పాత్ర జేఠాలాల్‌కి దోస్తు, కష్టమొస్తే పరిగెత్తే దిక్కు.

ఇక అసలు సంగతి. రాత్రి భోజనాలయ్యాక మగవాళ్లంతా అబ్దుల్ దుకాణం ముందు చేరి సోడాలు తాగుతూ కబుర్లు చెప్పుకుంటారు. అక్కడ సోధీ ఊరుకోడు. 'పార్టీ షార్టీ' అంటాడు. అది ఎప్పుడొచ్చినా నేను పిల్లల్ని ఒకటే చూడమంటాను: ఎవరికి ఇష్టం ఉంది, ఎవరికి లేదు? నిజానికి సగం మందికి ఉండదు. భిడేకి భయం, పొద్దున్నే ట్యూషన్ ఉంటుంది. మెహతాకి ఇంట్లో భార్య అంజలి డైటింగ్ పెట్టింది. జేఠాలాల్‌కి నాన్న బాపూజీ నిద్రలేస్తాడేమోనన్న బెంగ. అయినా ముందు నోరు తెరిచి 'నేను రాను' అనేవాడు ఒక్కడూ ఉండడు. ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు. ఎవరో ఒకరు నసుగుతారు, ఇంకొకరు 'ఏం, భాభీ అంటే భయమా' అంటారు, అంతే, అందరూ ఒప్పేసుకున్నట్టే. తర్వాత అబద్ధాలు, ఆడవాళ్లకి దొరికిపోవడం, తిట్లు. నవ్వు ఈ రెండో సగంలోనే ఉంటుంది గానీ, నాకు పనికొచ్చింది మొదటి సగం. ఒక మనిషి తనకి ఇష్టంలేని పనికి ఎలా తలూపుతాడో అంత తేటగా చూపించిన సీన్లు నేను ఇంకో సీరియల్లో చూడలేదు. పైగా వాళ్లేం పిల్లలు కారు. ఇంటి పెద్దలు, బయట నలుగురికీ నీతులు చెప్పేవాళ్లు. ట్యూషన్ మాస్టారే దోస్తుల మాటకి పడిపోతుంటే చూసి మా పెద్దోడు పగలబడి నవ్వాడు. నవ్వనివ్వాలి. అలా నవ్విన పిల్లవాడికి విషయం సగం ఎక్కినట్టే.

మా జిల్లాలో ఈ పార్టీ గోలకి ఇంకో రుచి ఉంది. చంద్రపూర్‌లో 2015 ఏప్రిల్ 1 నుంచి మద్యనిషేధం పెట్టారు, 2021లో ఎత్తేశారు. పక్కనున్న గడ్చిరోలిలో అయితే 1993 నుంచే ఉంది. ఆ ఆరేళ్లూ దొంగచాటు బాటిల్ గురించి వీధి వీధిలో గుసగుసలే. సోధీ కన్నుకొట్టి 'పార్టీ' అనగానే మా గదిలో మగవాళ్లంతా ఒక రకంగా నవ్వేవాళ్లు. పిల్లలకి ఆ నవ్వు అర్థమయ్యేది. టీవీలో వాళ్లు సోడా తాగుతున్నారు కదా అని మనం అనుకుంటాం గానీ, పిల్లలు మన మొహాలు కూడా చూస్తుంటారు.

మావైపు అసలు భయం మందు కాదు, ఖర్రా. విదర్భ బయట ఉన్నవాళ్లకి తెలియకపోవచ్చు. సుపారీ ముక్కలు, సువాసన తంబాకు, సున్నం కలిపి పాలిథిన్ కాగితంలో పెట్టి, పాన్ ఠేలా అతను చెక్కమీద అరచేత్తో అటూ ఇటూ రుద్దుతాడు. చర్రు చర్రుమని చప్పుడొస్తుంది. ఆ కాగితాన్నే పొట్లంలా ముడివేసి ఇస్తాడు. మహారాష్ట్రలో గుట్కా నిషేధం 2012లోనే వచ్చినా ఖర్రా రుద్దే చప్పుడు మాత్రం ఆగలేదు. ఒక పొట్లం కొంటే నలుగురు పంచుకుంటారు, చెయ్యి చాపడం దోస్తీకి గుర్తు. అక్కడే వస్తుంది చిక్కు. ట్యూషన్ నుంచి వచ్చే దారిలో పెద్దోడి జట్టు ఠేలా దగ్గర ఆగడం మొదలుపెట్టిందని తొమ్మిదో తరగతిలో ఉండగా వాడే చెప్పాడు. ఎలా చెప్పాడో వినండి: 'అమ్మా, మా క్లాసులో ఒక సోధీ ఉన్నాడు.' అంతకన్నా ఇంకేం చెప్పలేదు, చెప్పక్కర్లేకపోయింది. 'మరి భిడే ఎవరు' అన్నాను. కాసేపాగి ఇద్దరి పేర్లు చెప్పాడు, వాళ్లకీ ఇష్టం లేదట. 'అయితే ముగ్గురున్నారన్నమాట' అన్నాను.

ఈ సీరియల్ మా ఇంటికి చేసిన పెద్ద ఉపకారం ఇదే. సలహాలు కాదు, పేర్లు ఇచ్చింది. 'చెడు సావాసం', 'వ్యసనం' అని నేను మొదలుపెడితే వాడు లేచి వెళ్లిపోయేవాడు. సోధీ, భిడే అంటే కూర్చుని మాట్లాడాడు. సోధీ చెడ్డవాడు కాదన్నది కూడా ముఖ్యం. ప్రాణమిచ్చే దోస్తు, ఎవరికి ఆపదొచ్చినా ముందుండేవాడు. బలవంతపెట్టేవాడు దుర్మార్గుడే అయి ఉండాలని చూపించే కథలు పిల్లలకి ఎందుకూ పనికిరావు. బయట వాళ్లకి ఎదురయ్యేది మంచి దోస్తే కదా.

ఇంకో సంగతి బాపూజీ దగ్గర దొరికింది. చంపక్‌లాల్ అంటే జేఠాలాల్ నాన్న. నడివయసు కొడుకుని 'జేఠియా!' అని నలుగురి ముందూ కేకలేస్తాడు, కొడుకు వణుకుతాడు. (ఆ పాత్ర వేసిన అమిత్ భట్ నిజానికి కొడుకు వేషం వేసిన దిలీప్ జోషీ కన్నా చిన్నవాడు. మా అత్తమ్మ ఈనాటికీ నమ్మదు.) మా వాడికి అక్కడ తట్టిన ఉపాయం నాకు తట్టలేదు. 'నాకొద్దు' అంటే దోస్తులు ఏడిపిస్తారు. 'మా తాత నోరు వాసన చూస్తాడు' అంటే ఎవరూ ఏమీ అనరు, పైగా జాలిపడతారు. మామయ్య ఏనాడూ ఎవరి నోరూ వాసన చూసిన మనిషి కాదు. విషయం తెలిశాక మాత్రం వేషం బాగానే కట్టారు. ఆ జట్టు ఇంటికొస్తే గుమ్మం దగ్గర నిలబడి ఒక్కొక్కణ్ణీ దగ్గరికి పిలిచి 'ఏం రా, మంచిగున్నవా' అని మొహంలో మొహం పెట్టి అడిగేవారు. పిల్లకాయలు నోరు మూసుకుని ముక్కుతో జవాబు చెప్పేవాళ్లు.

పరువు పోకుండా తప్పించుకోవడానికి పిల్లలకి ఒక సాకు కావాలి, ఆ సాకు ఇంట్లో పెద్దవాళ్లే అయితే తప్పేం లేదు. బాపూజీ భయం వల్ల జేఠాలాల్ తప్పించుకున్న గండాలు, మెహతా సలహాల వల్ల తప్పించుకున్నవాటి కన్నా ఎక్కువే అనిపిస్తుంది నాకు.

బంధువుల దగ్గర గీత గీసుకోవడం అన్న పాఠానికి సుందర్ ఉన్నాడు. జేఠాలాల్ బామ్మర్ది. అహ్మదాబాద్ నుంచి దిగుతాడు, టాక్సీ డబ్బులు బావే ఇవ్వాలి. ఏదో ఒక పథకం తెస్తాడు, అందులో నష్టం ఎప్పుడూ బావదే. తెలుగిళ్లల్లో బామ్మర్ది మర్యాద గురించి వేరే చెప్పాలా, ఈ సీన్లకి మా ఇంట్లో మగవాళ్లు నవ్వినంత గట్టిగా దేనికీ నవ్వలేదు. దిలీప్ జోషీ నటన ఇక్కడ చూడాలి. ముందు గొంతు లేపి వద్దంటాడు. భార్య దయ మొహం వాడిపోగానే గొంతు ఒక్కో మెట్టూ దిగుతుంది, చివరికి చెయ్యి దానంతట అదే జేబులోకి వెళ్తుంది. భార్య మీద ప్రేమ ఉంటే ఆమె తమ్ముడికి కాదనకూడదా? మా ఆయనా నేనూ దీనిమీద వాదించుకున్నాం. సాక్షి సంతకాలు, చేబదుళ్లు, 'వచ్చే నెల ఇచ్చేస్తా బావా'లు మా రెండు వైపులా ఉన్నాయి. పిల్లలు విన్నారు. విననిచ్చాం. దయ వేషం వేసిన దిశా వకానీ 2017లో ప్రసూతి సెలవు మీద వెళ్లి మళ్లీ రాలేదు కాబట్టి ఆ తర్వాతి సుందర్ ఎపిసోడ్లలో ఈ బరువు లేదు. 'దయ ఎప్పుడొస్తుంది' అన్న ఊరింపే మిగిలింది.

టప్పు సేన గురించి ఎక్కువ చెప్పను. జేఠాలాల్ కొడుకు టప్పుతో కలిపి ఐదుగురు పిల్లల జట్టు, క్రికెట్ ఆడి భిడే ఇంటి అద్దాలు పగలగొట్టే రోజుల్లో బాగుండేది. కలిసి తప్పు చేసి కలిసి తిట్లు తినేవాళ్లు, ఒకణ్ణి ముందుకు తోసి మిగతావాళ్లు పారిపోయేవాళ్లు కాదు. జట్టు అంటే చెడగొట్టేదే కానక్కర్లేదని చూపించడానికి అది చాలు. కానీ సందేశం ఇవ్వాలని కూర్చున్న రోజున ఒకరి తర్వాత ఒకరు ఉపన్యాసం దంచుతారు, అందరూ చప్పట్లు కొడతారు. ఆ చప్పట్లకి ముందే మా చిన్నది రిమోట్ అందుకుంటుంది. టప్పు వేషం వేసిన కుర్రాళ్లు కూడా మారిపోయారు. భవ్య గాంధీ 2017లో మానేశాక ఇద్దరు వచ్చారు, పిల్లలు కాలేజీకెళ్లారు, ఆ అల్లరి పోయింది.

ఇప్పుడు కోపం తెప్పించేవి. గీత దాటకూడదని అందరికీ చెప్పే ఈ సీరియల్, కథానాయకుడే ఏళ్ల తరబడి పక్కింటి అయ్యర్ భార్య బబితను చూసి మైమరచిపోవడాన్ని నవ్వులాట చేసింది. ఆమె బాల్కనీలోకి వస్తే ఈయన చేతిలో కాఫీ ఒలికిపోవడం, అయ్యర్ ఉడుక్కోవడం. మా చిన్నది ఎనిమిదేళ్లప్పుడు అడిగింది: 'ఆంటీకి తెలుసా అంకుల్ అలా చూస్తున్నాడని?' నా దగ్గర జవాబు లేదు, సీరియల్ దగ్గరా లేదు. బబితకి ఎలా ఉంటుందో చూపించే మనసు రచయితలకి లేకపోయింది. పోపట్‌లాల్‌కి పెళ్లి కావడం లేదని ఊరంతా ఎగతాళి చేయడం, డాక్టర్ హాథీ లావు మీద జోకులు కూడా ఆ కోవలోవే. పెళ్లికాని మా ఆడపడుచు పండక్కి వచ్చినప్పుడు పోపట్‌లాల్ ఎపిసోడ్ వస్తే గదిలో ఎవరూ నవ్వలేదు. ఛానెల్ మార్చడానికీ ఎవరికీ చెయ్యి రాలేదు.

అయ్యర్ వల్ల మాకు ఇంకో తంటా. తమిళాయన, లుంగీ, నుదుట విభూతి, 'అయ్యో అయ్యో'. బడిలో తెలుగు పిల్లలు కనబడితే చాలు, అయ్యర్ అని పేరు పెట్టేస్తారు. మద్రాసు మేం సినిమాల్లో చూడటమే! పెద్దోడు మొదట ఏడ్చాడు, తర్వాత అలవాటు పడ్డాడు. అయ్యర్ సైంటిస్టు కదా, లెక్కలు నన్నడగండిరా అనడం మొదలుపెట్టాడు. పేరు పెట్టినవాడే ఇప్పుడు పరీక్షల ముందు మా ఇంటికొస్తాడు. అది వాడి తెలివి, సీరియల్ గొప్పతనమేం కాదు.

కొత్త ఎపిసోడ్లు మేం రోజూ చూడటం మానేశాం. ఒక్క చిన్న గొడవని వారాల తరబడి లాగుతున్నారు. చూడాలనుకునేవాళ్లు దయ ఉన్న రోజులవి, అంటే 2017కి ముందువి వెతుక్కోండి. అందులో కూడా మగవాళ్ల సోడా రాత్రులు, సుందర్ వచ్చిన వారాలు ముందు. ఎనిమిదేళ్లలోపు పిల్లలైతే బబిత సీన్ల దగ్గర పెద్దవాళ్లు గదిలో ఉండటం మంచిది, ప్రశ్నలు తప్పవు. పదమూడు, పద్నాలుగేళ్లవాళ్లైతే పక్కన కూర్చుని ఏమీ చెప్పకండి, 'మీ జట్టులో సోధీ ఎవర్రా' అని మాత్రం అడగండి. అయిదుకి మూడున్నర ఇస్తాను. ఆ మూడున్నరలో రెండు దిలీప్ జోషీవి.