పెద్దవారి డ్రైవింగ్ పరిశీలన: తార్నాకలో మాకు దొరికిన ఒక మంచి సేవ

డెబ్బై ఆరేళ్ల మా నాన్నగారు ఇంకా కారు నడపవచ్చా, మానేయాలా అన్న మాట మా ఇంట్లో ఆరు నెలలుగా నలుగుతోంది. గేటు స్తంభానికి కారు ఎడమ తలుపు రెండోసారి గీసుకున్నాక, తార్నాకలో మా ఇంటి దగ్గరి డ్రైవింగ్ స్కూల్ వారు పెద్దవారికి చేసే పరిశీలనకు ఆయనను ఒప్పించాను. రుసుము 1,500 రూపాయలు. గంటన్నర సేపు సొంత కారులోనే, రోజూ తిరిగే దారుల్లోనే నడపమంటారు.

లైసెన్సు ఉంది కదా అన్నది నాన్నగారి వాదన. మోటారు వాహనాల చట్టానికి 2019లో చేసిన సవరణ ప్రకారం 55 ఏళ్లు దాటినవారు 5 ఏళ్లకొకసారి లైసెన్సు రెన్యువల్ చేయించుకోవాలి, డాక్టరు సంతకం చేసిన ఆరోగ్య ధ్రువపత్రం (ఫారం 1ఏ) కూడా ఇవ్వాలి. కానీ కంట్లో శుక్లం ముదరడానికి ఐదేళ్లు అక్కర్లేదు. గ్లకోమా (నీటికాసులు) అయితే సాధారణంగా పక్కచూపును కొద్దికొద్దిగా హరిస్తూ వస్తుంది గనుక చాలాకాలం మనిషికి తెలియనే తెలియదు.

శిక్షకుడు ఎడమ సీట్లో కూర్చుని మొదటి అరగంట దాదాపు ఏమీ మాట్లాడలేదు. చీకటి పడ్డాక హబ్సిగూడ చౌరస్తాలో ఎదుటి బండ్ల లైట్లు కళ్లలో పడుతుంటే, నాన్నగారు స్టీరింగ్ మీదకు వంగి నడుపుతున్నారు. ఎడమ వైపు నుంచి వచ్చిన స్కూటర్‌ను చూసి చివరి క్షణంలో బ్రేకు వేశారు. శిక్షకుడు కేకలు వేయలేదు, కారు పక్కకు ఆపించి, "సార్, ఆ బండి మీకు ఎక్కడ కనిపించింది?" అని అడిగారు. నాన్నగారు కాసేపు ఆలోచించి, "బానెట్ ముందుకు వచ్చాకే" అన్నారు. ఆరు నెలలు వాదించినా నేను ఆయన నోట ఆ మాట చెప్పించలేకపోయాను. శిక్షకుడు నాతో కాకుండా నాన్నగారితోనే మాట్లాడడం వల్లనే అది సాధ్యమైందని నా నమ్మకం.

లోపాలూ ఉన్నాయి. రాత్రిపూట పరిశీలన మనం అడిగితేనే చేస్తారు. నిజానికి అదే ముఖ్యం. కంటి పరీక్ష వారి దగ్గర లేదు. అన్నిటికన్నా నొప్పించినది, నివేదికను ముందుగా నా వాట్సాప్‌కు పంపడం. తన సంగతి తనకన్నా ముందు కొడుక్కి చేరిందని నాన్నగారు ఆ రాత్రి సరిగా భోంచేయలేదు.

కంటి డాక్టరు ఎడమ కంట్లో శుక్లం ఉందని తేల్చారు. నాన్నగారు ఇప్పుడు ఉదయం పూట ఉస్మానియా క్యాంపస్ వరకే కారు తీస్తున్నారు, అమీర్‌పేటకు తార్నాకలో మెట్రో ఎక్కుతున్నారు. ఆపరేషన్ అయ్యాక మళ్లీ పరిశీలనకు వస్తానని ఆయనే ఫోన్ చేసి, ఈసారి నివేదికను తన నంబరుకే పంపమని చెప్పారు.