కంపెనీ స్టీరియోకి సబ్‌వూఫర్ తగిలించి నాలుగేళ్లు

2021 సంక్రాంతికి ఊరెళ్లే ముందు వారం మా చిన్న కారుకి 10 అంగుళాల సబ్‌వూఫర్ (లోతైన బేస్ కోసమే ఉండే పెద్ద స్పీకర్), దాన్ని నడపడానికి ఒకే చానెల్ ఉండే మోనో ఆంప్లిఫైయర్ పెట్టించాను. స్టీరింగ్ మీది బటన్లు, రివర్స్ కెమెరా అన్నీ కంపెనీ స్టీరియోకే ముడిపడి ఉండడంతో దాన్ని కదిలించలేదు. సబ్, ఆంప్, సబ్ కూర్చునే గాలి చొరబడని పెట్టె (సీల్డ్ బాక్స్), వైరింగ్, కూలీ కలిపి 21 వేలు అయింది. ఇప్పటికి 60 వేల కిలోమీటర్లు తిరిగాం, అందులో మొదటి ఏడు నెలలు మాత్రం ఈ పని ఎందుకు చేశానురా బాబూ అని తల పట్టుకునే తిరిగాను.

అసలు ఎందుకు పెట్టించానో చెప్తాను. స్టీరియో మీద 50 ఇంటూ 4 వాట్స్ అని ఎంత గొప్పగా రాసి ఉన్నా, కారు కరెంటు మీద నేరుగా నడిచే ఆ చిప్పు ఒక్కో స్పీకర్‌కి నికరంగా ఇచ్చేది 15 నుంచి 20 వాట్స్, అంతే. ఊళ్లో తిరిగేటప్పుడు సరిపోతుంది. విజయవాడ హైవే ఎక్కి 90 దాటితే టైర్ల రొద ముందు మింగేసేది బేస్‌నే, దాంతో మనం వాల్యూమ్ పెంచుతాం, పాడేవాళ్ల గొంతు చెవిలో గుచ్చుకుంటుంది కానీ కింద ఉండాల్సింది మాత్రం రాదు. ఇళయరాజా పాటల్లో బేస్ గిటార్ ఎంత పని చేస్తుందో తెలిసినవాళ్లకి నా బాధ అర్థమవుతుంది. ఆ గిటార్ లావు తీగ 41 హెర్ట్జ్ (సెకనుకి 41 సార్లు అదరడం) దగ్గర మోగుతుంది, పల్చటి డోర్లలో బిగించిన స్పీకర్లు అంత కిందికి దిగలేవు.

హైదరాబాద్‌లో నేను వెళ్లిన షాపులో కుర్రాడు రెండు గంటల్లో పని ముగించి, ఆంప్ మీది గెయిన్ నాబ్ చూపించి, "అన్నా, గెయిన్ ఫుల్ పెట్టిన, చూడు ఎట్ల కొడ్తదో" అన్నాడు. నిజంగానే కొట్టింది. అద్దాలు అదిరాయి, నంబర్ ప్లేటు తీన్మార్ ఆడింది, నాకు ఒళ్లు పులకరించింది. సూర్యాపేట దగ్గర టీకి ఆగేసరికి వెనక సీట్లోంచి మా అమ్మ, "ఏరా, గుండెల్లో దడగా ఉంది, కాస్త తగ్గించకూడదూ" అంది. అప్పుడు నవ్వాను గానీ తప్పు అమ్మది కాదు.

తర్వాత ఒకదాని వెనక ఒకటి బయటపడ్డాయి. యాక్సిలరేటర్ తొక్కితే స్పీకర్లలో సన్నగా కుయ్‌మని ఈల, ఇంజిన్ స్పీడుతో పాటే అది కూడా పెరిగేది. కొన్నాళ్లకి రెండు రోజులు కారు తీయకుండా ఉంచితే బ్యాటరీ చచ్చిపోయింది. కొత్త బ్యాటరీ కొనేద్దామనుకుంటుండగా విజయవాడ ఆటోనగర్‌లో ఒక పెద్దాయన డిక్కీ కార్పెట్ ఎత్తి చూసి అన్నీ విప్పారు. పవర్ వైరు, సిగ్నల్ వైరు ఒకే పక్కన పెనవేసి లాగారు, ఎర్త్ వైరు కారు బాడీ పెయింట్ మీదే బిగించారు, ఈల దానివల్లేనట. ఆంప్‌ని ఆన్ చేసే రిమోట్ వైరుని నేరుగా బ్యాటరీ కరెంటుకి కలిపేశారు, అంటే కారు ఆపినా ఆంప్ నిద్రపోదు. పాట లేకపోయినా అది అర ఆంపియరో ముప్పావో లాగుతూనే ఉంటే 35 ఆంపియర్ అవర్ బ్యాటరీ రెండు రోజుల్లో ఖాళీ కాక ఏమవుతుంది?

వీటన్నిటికన్నా నాకు భయం వేసింది ఫ్యూజు చూసి. అది డిక్కీలో ఆంప్ పక్కన ఉంది. బ్యాటరీ నుంచి అక్కడిదాకా వచ్చే వైరు దారిలో ఎక్కడైనా ఒరుసుకుని బాడీకి తగిలితే ఆపడానికి ఏమీ లేదు, ఏడు నెలలు పిల్లల్ని ఎక్కించుకుని అలాగే తిరిగాను. ఫ్యూజు బ్యాటరీకి జానెడు, మహా అయితే మూరెడు దూరంలోనే ఉండాలి. మీరు ఎక్కడ చేయించినా బిల్లు కట్టే ముందు బానెట్ ఎత్తించి ఇదొక్కటి చూడండి.

ఆయన రాగి వైరు కొత్తది వేశారు (పాతది పైన రాగి పూత, లోపల అల్యూమినియం), వైరు లోపలికి దూరే రంధ్రానికి రబ్బరు బుష్ పెట్టారు, పెయింట్ గీకి ఎర్త్ బిగించారు. స్టీరియో వెనక షాపువాళ్లు తెగ్గోసిన వైర్లకి కప్లర్ (కలిపే ప్లగ్) తెచ్చి వేశారు. నా ఆంప్‌కి స్పీకర్ వైర్ల నుంచే నేరుగా సిగ్నల్ తీసుకునే సదుపాయం ఉందట, పాట మొదలైతే అదే ఆన్ అవుతుంది, కాబట్టి స్పీకర్ సిగ్నల్‌ని ఆంప్‌కి సరిపడేలా తగ్గించడానికి షాపువాళ్లు మధ్యలో పెట్టిన చౌక కన్వర్టర్ డబ్బా తీసి నా చేతిలో పెట్టారు. గెయిన్ తగ్గిస్తూ, "ఇది సౌండ్ పెంచే నాబ్ కాదు బాబూ, స్టీరియోకీ దీనికీ జోడీ కుదర్చడానికి" అన్నారు. బేస్ బూస్ట్ సున్నా, ఫిల్టర్ 80 హెర్ట్జ్, అంటే సబ్‌కి దాదాపు అంతకు కింది బేస్ మాత్రమే వెళ్తుంది. సబ్ ముందుకీ వెనక్కీ కదిలే తీరుని తిరగేసే ఫేజ్ స్విచ్ అటూ ఇటూ తిప్పి, బేస్ ఏ వైపు నిండుగా వినపడితే అక్కడ ఉంచేశారు. మొత్తం 4,200 తీసుకున్నారు. 21 వేల సామాను పాట పాడింది ఈ 4,200 తర్వాతే.

ఇప్పుడు కొత్తగా కారెక్కినవాళ్లు సబ్ ఉందని కనిపెట్టలేరు, స్టీరియో బాగుందే అంటారు. డప్పు దెబ్బ ముందు డ్యాష్‌బోర్డు వైపు నుంచే వచ్చినట్టుంటుంది. మైలేజీలో తేడా నాకైతే కనపడలేదు. ఎండాకాలం మధ్యాహ్నం కారు ఎండలో నిలబెట్టి తీస్తే మాత్రం ఆంప్ ఒకటి రెండుసార్లు వేడెక్కి ఆగిపోయింది, ఏసీ వేసి పావుగంట ఆగితే మళ్లీ అందుకుంది.

కంపెనీ స్టీరియో ఉంచుకున్నందుకు ఒక లోటు తప్పలేదు. నాది వాల్యూమ్ 22 దాటితే డోర్ స్పీకర్లు చిరగకుండా తనంతట తనే బేస్ తగ్గించేస్తుంది, సబ్‌కి వెళ్లేదీ అదే సిగ్నల్ కదా, అదీ నీరసపడుతుంది. నేను 18 దాటను కాబట్టి సర్దుకుపోయాను. గట్టిగా వినేవాళ్లు ఈ 21 వేలు పెట్టకముందే ఆ సంగతి తమ స్టీరియోలో పరీక్షించుకోవాలి.

డిక్కీ సంగతి ఇంట్లో ఇంకా తేలని గొడవ. ఊరి నుంచి వచ్చేటప్పుడు రెండు బియ్యం బస్తాలు, ఆవకాయ జాడీలు, కొబ్బరికాయలు ఉంటాయి, అక్కడేమో 15 కిలోల పెట్టె కూర్చుని ఉంటుంది. మొదట్లో దాన్ని ఊరికే పెట్టేశారు, గట్టిగా బ్రేకు వేస్తే సీటుకి వచ్చి కొట్టేది, ఇప్పుడు బెల్టుతో కట్టేశాను. ఊరెళ్లేముందు నాలుగు స్క్రూలు విప్పి, వైరు పీకి, పెట్టె ఇంట్లో దించి వెళ్తాం, అంటే హైవే మీద వినాలనే పెట్టించుకున్నది హైవేకి రాదు! మళ్లీ మొదలుపెట్టాల్సి వస్తే సీటు కింద పట్టే 8 అంగుళాలది చూస్తాను, అంత లోతు బేస్ రాకపోయినా.

మోతలు చాలావరకు పోయాయి. నంబర్ ప్లేటు వెనక ఫోమ్ టేపు, డిక్కీ తలుపుకి అదురు ఆపే బ్యుటైల్ షీటు వేశాను. ఒక్క మోత మాత్రం మిగిలింది, ఏదో ఒక్క స్వరం దగ్గరే వెనక ఎడమ పక్క గిర్రుమంటుంది. రెండుసార్లు ట్రిమ్ విప్పించాను, విప్పినప్పుడు రాదు.